రూపం ఎవరి కోసం

జనగామ జిల్లాలో పాలకుర్తి, బమ్మెర ఇరుగుపొరుగు ఊళ్లు. పాలకుర్తి పాల్కురికి సోమనాథుడిది, బమ్మెర పోతనది. ఇద్దరూ భక్తిని నమ్ముకున్న కవులే. అయినా సోమనాథుడు బసవ పురాణాన్ని మొదటి నుంచి చివరి దాకా ద్విపదలో నడిపాడు. తరాల తర్వాత వచ్చిన పోతన భాగవతాన్ని వృత్తాలు, కందాలు, సీసాలు, మధ్యమధ్య వచనం కలిపి చంపువుగా రాశాడు. ఒకే నేల, దగ్గర దగ్గరి మనసులు, రూపాలు మాత్రం వేరు.

రూపాన్ని ఒక్కో శాస్త్రం ఒక్కోలా పట్టుకుంటుంది. ఛందస్సు చదివేవాళ్లు గణాలు లెక్కపెడతారు. జానపద విజ్ఞానం ప్రదర్శనను చూస్తుంది. శాసనాలు చదివేవాళ్లు వాక్యాల వరస గమనిస్తారు. ఈ పద్ధతులన్నీ కావలసినవే. కానీ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల సంప్రదాయాలను చూసినకొద్దీ నాకు బలంగా అనిపించేది ఒకటుంది. రూపాన్ని ఎంచుకోవడమంటే వినేవాళ్లను ఎంచుకోవడమే. ఎవరికి చెప్పాలో తేలాకే ఎలా చెప్పాలో తేలుతుంది.

ద్విపద సంగతే చూద్దాం. దాని కట్టుబాటు చిన్నది. రెండే పాదాలు. పాదానికి మూడు ఇంద్రగణాలు, చివర ఒక సూర్యగణం. పాదం మొదటి అక్షరానికీ మూడో గణం మొదటి అక్షరానికీ యతి కుదరాలి. రెండు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి, అది ప్రాస. ప్రాస వదిలేస్తే దాన్ని మంజరీ ద్విపద అంటారు. ఈ వ్యాసం కోసం నేనే కట్టిన రెండు పాదాలు ఇవి:

పాలకుర్తిన పుట్టి పల్లెల పెరిగి
నాలుక మీదనే నడయాడె కథలు

మొదటి పాదాన్ని విడదీస్తే ‘పాలకుర్’, ‘తినపుట్టి’, ‘పల్లెల’, ‘పెరిగి’ అవుతుంది. వరసగా ర గణం, సలం, భ గణం, చివర న గణం. ‘పా’కు ‘పల్లెల’లోని ‘ప’తో యతి. రెండో పాదంలో ‘నాలుక’, ‘మీదనే’, ‘నడయాడె’, ‘కథలు’. ‘నా’కు ‘న’తో యతి. రెండు పాదాల్లోనూ రెండో అక్షరం లకారమే కాబట్టి ప్రాస కుదిరింది.

ఇంద్రగణాలు ఆరు. వాటిలో నలం, భ గణం నాలుగేసి మాత్రలవి, మిగతా నాలుగూ అయిదేసి మాత్రలవి. సూర్యగణానికి ఎప్పుడూ మూడే. కాబట్టి ద్విపద పాదం 15 మాత్రల నుంచి 18 మాత్రల దాకా ఎక్కడైనా ఉండొచ్చు. లోపల కొంత సాగుతుంది, కొంత ముడుచుకుంటుంది, చివరి మూడు మాత్రల దగ్గర మాత్రం తప్పకుండా దిగుతుంది. తాళం వేసేవాడికీ వంత పాడేవాడికీ ఆ దిగుడు ముందే తెలుసు. దీని పక్కన ఉత్పలమాల అనే వృత్తాన్ని పెట్టి చూడండి. నాలుగు పాదాలు, పాదానికి 20 అక్షరాలు, ఏ అక్షరం గురువో ఏది లఘువో ముందే నిర్ణయమై ఉంటుంది. ఆ చట్రం నింపడానికి సంస్కృత సమాసాలు బాగా పనికొస్తాయి. ఇంట్లో మాట్లాడుకునే తెలుగు మాట అందులో ఒదగాలంటే చాలా నేర్పు కావాలి. ద్విపదలో అదే మాట పెద్దగా నలగకుండా కూర్చుంటుంది.

ఇంకో తేడా ఉంది. వృత్తం నాలుగు పాదాలతో పూర్తయి నిలబడుతుంది. దాన్ని చదివి, ఆగి, వ్యాఖ్యానం చెప్పి, మళ్లీ చదవొచ్చు. ద్విపద అలా ఆగదు. ఒక జంట పాదాలు ముగిసినా వాక్యం ముగియాలని లేదు, తర్వాతి జంటలోకి దూకుతుంది. కథ పరిగెత్తాలంటే ఈ నడకే కావాలి. ఏడు ఆశ్వాసాల బసవ పురాణాన్ని గొంతెత్తి చదివితే ఈ వేగం తెలుస్తుంది, కళ్లతో మాత్రమే చదివితే సగమే తెలుస్తుంది.

సోమనాథుడు ఇది తెలిసే చేశాడు. గద్యపద్యాల ప్రౌఢ రచన కంటే అందరికీ తెలిసే జాను తెనుగు మేలని బసవ పురాణం మొదట్లోనే చెప్పుకున్నాడు. తెలుగు మాటలే కదా అని తీసిపారేయొద్దని, వేదాలతో సమానంగా చూడమని అడిగాడు. తన మరో కావ్యం పండితారాధ్య చరిత్రలో ఇంకో అడుగు వేసి, యతిప్రాసల్లో తాను తీసుకున్న వెసులుబాటును కావ్యంలోనే సమర్థించుకున్నాడు. నియమం తెలియక సడలించిన కవి కాదు, వినేవాళ్ల కోసం ఎంత సడలించాలో లెక్కవేసుకున్న కవి. ఇంతకీ ఆ కథల్లో ఉన్నదెవరు? బట్టలుతికే మడివాలు మాచయ్య, వేటగాడు కన్నప్ప, తల్లి లేని బిడ్డ అనుకుని శివుడికి తానే తల్లయిన బెజ్జ మహాదేవి, పాలు తాగమని శివుణ్ని బతిమాలిన చిన్నపిల్ల గొడగూచి. వీళ్ల కథ వీళ్లలాంటివాళ్లకు అందాలంటే వీళ్ల నోట పలికే రూపంలోనే ఉండాలి.

ఇదే కథ తర్వాత ఎన్ని రూపాలెత్తిందో చూస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. 1369లో భీమకవి దాన్ని కన్నడంలో షట్పదిలో రాశాడు. కన్నడ శ్రోతకు అలవాటైన నడక అది. తెలుగులోనే పిడుపర్తి సోమనాథుడు ద్విపద కథను పద్యకావ్యంగా మార్చాడు, పండితుల పంక్తిలో దానికి చోటు కల్పించడానికి. 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రి సంపాదకత్వంలో బసవ పురాణం అచ్చయ్యాక అది ఒంటరిగా కూర్చుని చదివే పాఠకుడి చేతికొచ్చింది. 1990లో వెల్చేరు నారాయణరావు, జీన్ రోఘేర్ చేసిన ఇంగ్లీషు అనువాదం ప్రిన్స్‌టన్ నుంచి వచ్చింది, అది వచనం. ద్విపద వెళ్లిపోయింది, కథనం మిగిలింది. ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు. రూపం మారిన ప్రతిసారీ ఎదురుగా కూర్చున్న మనిషి మారాడు, అంతే.

పండితులు మాత్రం ద్విపదను చాలాకాలం తక్కువగానే చూశారు. రంగనాథ రామాయణం ద్విపదే, తాళ్లపాక తిమ్మక్క సుభద్రా కల్యాణం ద్విపదే, శ్రీనాథుడంతటివాడు పల్నాటి వీరుల కథ ద్విపదలో చెప్పాడు. అయినా ఛందోగ్రంథాల గౌరవం వృత్తాలకే దక్కింది. ఈ చిన్నచూపు మన సాహిత్య చదువుకు చేసిన నష్టం పెద్దదని నా నమ్మకం. వినడానికి పుట్టిన రూపాన్ని చదవడానికి పుట్టిన రూపం కొలతలతో కొలిచాం.

ఇలా అనగానే బమ్మెర పోతన అడ్డొస్తాడు. ఆయన రాసింది పండితుల రూపంలోనే. మరి అక్షరం రాని ముసలమ్మల నోట కూడా గజేంద్రమోక్షం పద్యాలు ఎలా నిలిచాయి? పోతన వృత్తాన్ని లోపలి నుంచి మార్చాడు. ఒకే హల్లు మళ్లీ మళ్లీ తాకేలా, పాదాల చివరలు ఒకదానికొకటి బదులు పలికేలా కట్టాడు. అర్థం సగమే తెలిసినా చెవి మొత్తాన్ని పట్టుకుంటుంది. కాబట్టి నా మాటను కొంచెం సవరించుకుంటాను: రూపం శ్రోతను ఎంచుకుంటుంది, కానీ గొప్ప కవి ఆ రూపం తలుపులు ఇంకాస్త వెడల్పు చేయగలడు.

రూపం ఎవరి కోసమన్న ప్రశ్నను కాకతీయుల కాలం సాహిత్యంలోనే కాదు, నాట్యంలో కూడా వేసుకుంది. గణపతిదేవుడి గజసైన్యాధిపతి జాయప సేనాని 1253-54 ప్రాంతంలో రాసిన నృత్తరత్నావళిలో ఎనిమిది అధ్యాయాలున్నాయి. మొదటి నాలుగూ శాస్త్రంలో స్థిరపడ్డ మార్గ పద్ధతికి, మిగతా నాలుగూ దేశి నృత్యాలకు. సంస్కృతంలో శాస్త్రం రాస్తూ సగం పుస్తకాన్ని జనం ఆడే ఆటలకు ఇవ్వడం చిన్న విషయం కాదు. భూపాలపల్లి జిల్లా గణపురం కోటగుళ్లు ఆ కాలానివే. 2019 దాకా ఆ జిల్లాలోనే ఉండి ఇప్పుడు ములుగులో ఉన్న పాలంపేట రామప్ప గుడి 1213 నాటిది. అక్కడి నల్లరాతి నాట్యగత్తెలను చూస్తే ప్రతి శిల్పం ఒక నృత్యంలోని ఒకే ఒక్క క్షణం. ఆ క్షణానికి ముందు కాలు ఎక్కడుంది, తర్వాత ఎక్కడికి పోతుందన్నది రాయి చెప్పదు, జాయప పుస్తకం చెబుతుంది. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టడానికి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకున్నారు.

మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువు శాసనం మరో రకం రూపం. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ వేయించింది. శాసనానికి ఒక నడక ఉంటుంది: దేవతా స్తుతి, వంశం, దాత గొప్పతనం, చేసిన పని. వంశం చెప్పడం ఆ నడకలో భాగం కాబట్టే చెరువు గురించి వేసిన రాయి కాకతీయుల పూర్వీకుల వరసను వెన్నడు అనే పూర్వీకుడి నుంచి చరిత్రకారులకు అందించింది. అయితే పొగడ్త కూడా ఆ నడకలో భాగమే. ఏది రూపం అడిగి రాయించింది, ఏది నిజంగా జరిగింది అని విడదీయడమే చరిత్రకారుడి పని.

ద్విపద పుస్తకంలోకి వెళ్లింది. ఒగ్గుకథ పుస్తకంలో ఇమడలేదు. మల్లన్న, ఎల్లమ్మ, బీరప్ప కథలు చెప్పే ఒగ్గు పూజారులు ఈ ప్రాంతమంతా ఉన్నారు. జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య ఈ కళకు రాష్ట్రం దాటి పేరు తెచ్చి 2017లో కన్నుమూశారు. బృందంలో ప్రధాన కథకుడు, పక్కన వంతదారు, డోలు, తాళాలు, చేతిలో ఒగ్గు అనే డమరుకం. కథకుడు ఒక వాక్యం పాడతాడు, దాన్నే మాటగా విప్పుతాడు. వంతదారు ‘ఆఁ’ కొడతాడు, అనుమానం అడుగుతాడు, పరాచికమాడతాడు, ఒక్కోసారి కథలో మరో పాత్రయిపోతాడు. భుజం మీది గుడ్డ తలకెక్కితే రాణి, నడుముకు చుట్టుకుంటే గొర్రెల కాపరి. డోలు దెబ్బ మారితే చోటు మారినట్టే. మేకప్పూ తెరా అక్కర్లేదు.

ఇంత పెద్ద కథ అతనికి ఎలా గుర్తుంటుంది? అక్షరం అక్షరం గుర్తుండదు. అమెరికా పండితుడు మిల్మన్ పారీ 1933-35 మధ్య యుగోస్లావియా గాయకుల పాటలు రికార్డు చేశాడు. ఆయన శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ 1960లో ఆ పరిశోధనను పుస్తకంగా తెచ్చాడు. గాయకుడు కథను కంఠస్థం చేయడు, సిద్ధంగా ఉన్న పదబంధాలతో, అలవాటైన ఘట్టాలతో ప్రతిసారీ కొత్తగా కడతాడు అని వాళ్లు చూపించారు. ఒగ్గుకథ విన్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ప్రయాణం కట్టడం, సింగారించుకోవడం, బిడ్డ కోసం మొక్కడం, ఇలాంటి ఘట్టాలకు కథకుడి దగ్గర కట్టిన మాటలుంటాయి. జనం కూర్చుంటే గంట కథ రాత్రంతా సాగుతుంది, వాన మబ్బు పడితే పెళ్లి ఘట్టం పది వాక్యాల్లో తేలిపోతుంది. కానీ లార్డ్ సిద్ధాంతం ఒక్క గాయకుడి చుట్టూ తిరుగుతుంది. ఒగ్గుకథలో రూపం ఇద్దరి మధ్య ఉంది. వంతదారు ప్రశ్న వినేవాళ్ల ప్రశ్నే. అతను అడిగినందుకే కథకుడు ఆ చోట ఆగి వివరిస్తాడు. శ్రోతను వేదిక మీదే కూర్చోబెట్టుకున్న రూపం ఇది. మౌఖిక సాహిత్య పరిశోధనకు తెలంగాణ నుంచి ఇవ్వగలిగిన గట్టి చేర్పు ఇక్కడే ఉందని నేను అనుకుంటాను.

ఒగ్గు పూజారులే మల్లన్నకు పట్నం అనే రంగుల ముగ్గు వేస్తారు. కొమురవెల్లిలో పెద్దపట్నం చూసినవాళ్లకు తెలుసు: పసుపు, కుంకుమ, తెల్లపిండి, ఆకుపచ్చ పొడి చేతివేళ్ల సందుల్లోంచి జారుతూ గీతలవుతాయి, గీతలు గళ్లవుతాయి. అంత శ్రమపడి వేసినదాన్ని చివరికి తొక్కుతారు, ఆ పొడి కోసం భక్తులు ఎగబడతారు. నిలవడం కోసం కాదు, పంచుకోవడం కోసమే గీసిన రూపం.

జనగామ జిల్లా పెంబర్తి ఇత్తడి పనిది దీనికి ఎదురు స్వభావం, అది నిలవాలి. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పనిలో రేకును కాల్చి మెత్తబరుస్తారు, లక్క పరుపు మీద బోర్లా పెట్టి వెనక నుంచి చిన్న సుత్తితో, మొండి ఉలితో కొడతారు. చూసేవాడికి ఎత్తుగా కనిపించేదంతా పనివాడికి గుంతే. కీర్తిముఖం బుగ్గను అతను ఎదుటి నుంచి చూడకుండానే లోపలి నుంచి ఉబ్బిస్తాడు. తర్వాత తిప్పి ముందు వైపు గీతలు తీరుస్తాడు. ధ్వజస్తంభం తొడుగు గుడి ముంగిట ఎంత దూరం నుంచి కనబడాలో దాన్నిబట్టే ఆ ఉబ్బు లోతు తేలుతుంది. ఇంట్లో గోడకు తగిలించే పళ్లేనికి అంత లోతు పనికిరాదు.

ఇప్పుడు ఒగ్గుకథ సభల్లో పావుగంట కార్యక్రమం అయింది, ప్రభుత్వ పథకాల ప్రచారానికి కూడా వాడుతున్నారు. కళాకారులకు నాలుగు డబ్బులు వస్తున్నాయి, అది మంచిదే. కానీ పావుగంటలో మొదట పోయేది వంతదారు మాటే, ఎందుకంటే నిర్వాహకుడి కంటికి అది కథకు అడ్డంగా కనిపిస్తుంది. పరిశోధకులు రాసుకునేటప్పుడు కూడా చాలాసార్లు ‘ఆఁ’లు, పరాచికాలు, మధ్యలో చదివే కట్నాలు కొట్టేసి, ‘అసలు కథ’ మాత్రం ఎక్కిస్తారు. బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేసిన రోజుల్లో టేపు రికార్డరు అరుదైన వస్తువు, చేత్తో రాసుకోక తప్పలేదు. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు, ప్రతి జేబులో రికార్డరుంది. వరంగల్లో తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది, కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. ఈ మూడు జిల్లాల ఒగ్గుకథలను గుడి దగ్గర, కులం ముందు, రాత్రంతా చెప్పినది చెప్పినట్టు రికార్డు చేయాలి. వంతదారుకు వేరే మైకు పెట్టాలి, డోలు దెబ్బ ఎక్కడ మారిందో గుర్తించాలి, కట్నాలు చదవడానికి కథ ఆగినచోట్లు కూడా అలాగే ఉంచాలి.