ముందు చివరి ముడి

ఫ్లై మొత్తంలో ముడి ఒక్కటే. అదీ చిట్టచివర. తోకగా పెట్టిన ఈక పోచలు, ఒంటికి చుట్టిన బొచ్చు, రెక్కలు, మెడ దగ్గర గుండ్రంగా విచ్చుకున్న కోడిపుంజు ఈక, ఇవన్నీ అప్పటిదాకా దారం బిగువు మీదే గాలాన్ని పట్టుకుని ఉంటాయి. దారపు బాబిన్ బరువుగా కిందికి వేలాడుతుంటుంది కాబట్టి చుట్లు జారవు. దారం తెంపి బాబిన్ తీసేశాక ఆ బరువు ఉండదు. ఇక ఆ భారమంతా ముడిదే.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ట్రౌట్ చేపలు నీటిలోనూ, నీటి మీదా ఉండే పురుగుల్ని తింటాయి. ఆ పురుగులా కనబడేలా గాలానికి ఈకలతో, బొచ్చుతో, దారంతో వేషం కడితే దాన్ని ఫ్లై అంటారు. ఎరకి బదులు అదే. ఈ సంగతి ఫోన్లో చెబితే మా అమ్మ, “అంత దూరం వెళ్లి ఈగలు తోలుకుంటున్నావా ఏమిట్రా” అంది. చలికాలం వారాంతాల్లో న్యూజెర్సీలో ఇంతకన్నా పనికొచ్చే పని నాకు దొరకలేదు.

మాకు ఫ్లైలు కట్టడం నేర్పినాయన బాగా పెద్దవారు. మొదటి రోజు అందరం ఈకల పొట్లాలు విప్పుకుని కూర్చుంటే, అవన్నీ సంచుల్లో పెట్టేయమన్నారు. తలా ఒక ఖాళీ గాలం ఇచ్చి, దాన్ని కదలకుండా పట్టుకునే వైస్‌లో బిగించమన్నారు. ఆ పూటంతా దారం చుట్టడం, ముడి వేయడం, బ్లేడుతో గీకి తీసేయడం, మళ్లీ చుట్టడం. పక్కనున్నాయన వాచీ చూసుకోవడం మొదలుపెట్టాడు. పుస్తకాల్లో ఈ ముడి ఆఖరి బొమ్మలో ఉంటుంది కదా, ముందే ఎందుకని నా పక్కనే ఎవరో గొణిగారు కూడా. నాకైతే ఆయన పద్ధతే సరైనదనిపించింది. ఇప్పటికీ అదే నా అభిప్రాయం.

ఆ ముడిని విప్ ఫినిష్ అంటారు. నిజానికి అది ముడి కూడా కాదు. దారం తన కొసని తన చుట్ల కిందే దాచుకుంటుంది, అంతే. ఎడమ చేత్తో బాబిన్ పట్టుకుని, కుడి చేతి చూపుడువేలు, మధ్యవేలు దారం మీద ఉంచి మణికట్టు తిప్పితే అంకె 4 తిరగబడ్డట్టు ఒక ఉచ్చు ఏర్పడుతుంది. బాబిన్ వైపు వెళ్లే పోగు గాలం కాడకి ఆనుకుని పడుకోవాలి. ఉచ్చులోని రెండో పోగు దాని మీదుగా కాడ చుట్టూ తిరగాలి. నాలుగైదు చుట్లు చాలు. ఒక్కో చుట్టు ముందు చుట్టు పక్కనే పడాలి తప్ప దాని మీదికెక్కకూడదు. తర్వాత వేళ్లు తీసేసి ఆ ఉచ్చులో ఒక సూది పెట్టి, బాబిన్ మెల్లగా లాగాలి. సూది లేకుండా లాగితే ఉచ్చు మెలి తిరిగి పిలకలా ముడుచుకుంటుంది. అది చుట్ల కిందికి దూరదు. సూది ఆన్చి లాగితే ఉచ్చు చిన్నదవుతూ చుట్ల అంచు దాకా వస్తుంది. అక్కడ సూది తప్పించి ఒక్క లాగు లాగితే లోపలికి వెళ్లిపోతుంది. వెళ్లేటప్పుడు వేలికి చిన్న అదురు తగులుతుంది. ఆ అదురు తెలిశాకే కత్తెర అందుకోవాలి.

చేత్తో తిప్పలేనివాళ్లకి పనిముట్టు ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోకి చెందిన ఫ్రాంక్ మాటరెల్లి వంచిన స్టీలు తీగతో చేసిన విప్ ఫినిషర్ ప్రపంచమంతా తిరిగింది. నాలుగు సార్లు వాడితే చేతికి అలవాటవుతుంది. నేను చేతివేళ్ల పక్షం. పనిముట్టు ఇంట్లో మరిచిపోయి వచ్చానని ఏటి ఒడ్డున దిగులుపడేవాళ్లని చూశాను. వేళ్లు మరిచిపోయి రాలేం కదా.

అసలు చిక్కు మాత్రం చోటు. కొత్తవాళ్లు గాలం కాడనంతా వాడేస్తారు. ఒళ్లు కాస్త లావు, రెక్కలు కాస్త ముందుకి, ఈక మరో రెండు చుట్లు ఎక్కువ. చివరికి ముడి వేద్దామని చూస్తే గాలం బెజ్జం తప్ప ఏమీ మిగలదు. ముడి బెజ్జం మీదికెక్కి కూర్చుంటుంది. ఏటి దగ్గర ఆ బెజ్జంలోంచి వెంట్రుకలాంటి నైలాన్ పోగు ఎక్కించాలి. చలికి కొంకర్లు పోయిన వేళ్లతో, మూసుకుపోయిన బెజ్జంలోకి! ముడి ముందే నేర్చినవాడికి దానికెంత చోటు కావాలో కంటికి తెలుస్తుంది. మొదటి పోగు చుట్టేటప్పుడే బెజ్జం వెనక ఆ చోటు వదిలేస్తాడు.

ముడితో మొదలుపెట్టడం కొత్తేమీ కాదు. క్యాట్‌స్కిల్ కొండలు మాకు రెండు, రెండున్నర గంటల డ్రైవ్. న్యూయార్క్ రాష్ట్రంలోని రాస్కో దగ్గర విలోవీమాక్ వాగు వచ్చి బీవర్‌కిల్‌లో కలుస్తుంది. అమెరికాలో నీటి మీద తేలే డ్రై ఫ్లైకి ఆ ప్రాంతం పుట్టిల్లు. 1920లలో అక్కడ రూబ్ క్రాస్ అనే ఆయన చేతి ఫ్లైలకి గొప్ప పేరు. వాల్ట్ డెట్, విన్నీ డెట్, హ్యారీ డార్బీ కలిసి, 50 డాలర్లు ఇస్తాం, నేర్పమని అడిగితే ఆయన పొమ్మన్నాడు. వాళ్లు ఆయన కట్టిన ఫ్లైలే కొనుక్కొచ్చి, ఒక్కొక్క చుట్టే విప్పుతూ, ఏది దేని మీద ఉందో చూసి నేర్చుకున్నారు. విప్పేవాడికి మొట్టమొదట ఎదురయ్యేది ఆ చివరి ముడే కదా! అందరూ ఆఖరున నేర్చుకునేదానితోనే వాళ్ల చదువు మొదలైంది. 1928లో మొదలైన డెట్ కుటుంబం దుకాణం ఈనాటికీ ఆ కొండల్లోనే నడుస్తోంది. క్రాస్‌ని నేను తప్పుపట్టను. పొట్టకూటి విద్య ఎవరు ధారపోస్తారు?

ఆ డార్బీయే తర్వాత ఈకల కోసం కోళ్లు పెంచాడు. ఆ వైపు ఫ్లైలకి నీలిబూడిద రంగు పుంజు మెడ ఈక కావాలి, అది అంత తేలిగ్గా దొరకదు. డేగ, కాకి, నెమలి అని పుంజుల్ని రంగుతో పేరు పెట్టి పిలిచే మన గోదావరి జిల్లాలవాళ్లకి ఆయన అవస్థ బాగా అర్థమవుతుంది. అంత శ్రమపడి సంపాదించిన ఈక కూడా ముడి జారితే నిలవదు. గాలం విసిరినప్పుడల్లా దారం వెనక్కీ ముందుకీ ఊగుతుంది. తల దగ్గర చుట్టు ఒకటి సడలితే ఈక మెలికలు మెలికలుగా విచ్చుకుని నీళ్లలో వేలాడుతుంది. దాన్ని చూసి ఏ చేపా రాదు.

ఈ చుట్టు ఫ్లైలవాళ్ల సొత్తేమీ కాదు. గాలాలకి బెజ్జాలు విరివిగా వాడుకలోకి వచ్చింది 19వ శతాబ్దం చివర్లోనే. అంతకు ముందు గుర్రపు వెంట్రుకల పేటని గాలం కాడకి ఆనించి పట్టుదారంతో చుట్టేవారు. ఇంగ్లండులో 1496లో అచ్చయిన గాలం వేట పుస్తకంలో పన్నెండు ఫ్లైల వివరం ఉంది. జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని రాసిందని చెబుతారు, నిజమో కాదో తేలలేదు. మన ఇళ్లలో క్రికెట్ బ్యాట్ ఉంటే పిడి మీది రబ్బరు తొడుగు కాస్త పైకి జరిపి చూడండి. పిడికి చుట్టిన దారం కొస ఎక్కడా బయటికి కనబడదు. చుట్ల కిందికే వెళ్లిపోయి ఉంటుంది.

ఇక జిగురు సంగతి. ముడి మీద ఒక చుక్క లక్కో, రంగులేని గోళ్ల పాలిషో పెట్టడం మంచిదే. చేప పళ్లకి దారం తొందరగా తెగదు. కానీ హాఫ్ హిచ్‌లనే ఒంటి ముడులు రెండు వేసి మిగతా భారం జిగురు మీద వదిలేసేవాళ్లు చాలామంది ఉన్నారు. పెద్ద ఫ్లైలకి అది చెల్లుతుందేమో. 18వ నంబరు గాలం మీద, అంటే దాదాపు దోమంత ఫ్లై మీద, ఆ చుక్క బెజ్జాన్ని మూసేస్తుంది. ముడి సరిగా పడితే జిగురు లేకపోయినా ఫ్లై ఆగుతుంది.

నేర్చుకోవాలనుకునేవాళ్లు ముందు ఒక పెద్ద గాలం, ముదురు రంగు లావుపాటి దారం తీసుకోండి. పోగు ఎటు పోతోందో కంటికి కనబడాలి. వేళ్లు చూడకుండా చుట్టగలిగాక సన్నదారానికి రండి. ఈకలు అప్పుడు కొనుక్కోవచ్చు, తొందరేమీ లేదు.