ఏమని చెప్పి వచ్చావు?

మా ఇంటికి కొత్తగా వచ్చిన అమ్మాయిని పేరడగను, ఊరడగను. చెప్పులు విప్పుతుండగా ఒక్కటే అడుగుతాను: "ఇంట్లో ఏమని చెప్పి వచ్చావు?" కొందరు బిత్తరపోతారు. అప్పుడు విషయం చెప్పాల్సి వస్తుంది. మధ్యలో వాళ్ళమ్మ ఫోను చేస్తే ఇక్కడున్న అందరం ఒకే మాట మీద ఉండాలి కదా. పుట్టినరోజని చెప్పి వస్తే అది పుట్టినరోజే, వెనకనుంచి ఎవరో కేకు కేకు అని అరుస్తారు. కోచింగ్ క్లాసని చెప్పి వస్తే పాటలు ఆపేస్తాం.

స్త్రీలను ప్రేమించే స్త్రీలు, లెస్బియన్ అనుకునేవాళ్ళు, బైసెక్సువల్ అనుకునేవాళ్ళు, ఏమనుకోవాలో ఇంకా తేల్చుకోనివాళ్ళు అప్పుడప్పుడూ మా ఇంట్లో కలుస్తుంటారు. హైదరాబాదులో మామూలు అపార్టుమెంటే. మాది సంస్థ కాదు, రిజిస్ట్రేషన్ లేదు, గుమ్మం మీద బోర్డు లేదు. ఇలా కలుస్తామని వింటే జనం ఏవేవో ఊహించుకుంటారు. వచ్చి చూస్తే నిరాశపడతారు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ సినిమా పేర్లు సైగలతో చెప్పుకునే ఆట ఆడుతూ ఉంటాం.

ఈ పనిలో నేర్చుకోవాల్సింది ఎక్కువే ఉంది. అందులో మొదటిది వేళ. మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళు కలుసుకోవడానికి చోటు వెతుక్కున్నారు. పార్కులో చివరి బెంచీ, స్టేషన్లో చివరి ప్లాట్‌ఫారం, ఇలా ఏదో ఒక మూల. పోలీసుల చేతిలో దెబ్బలు తిన్నారు, డబ్బు గుంజేవాళ్ళ చేతికి చిక్కారు, అదంతా నిజమే. అయినా రాత్రి పదింటికి రోడ్డు మీద నిలబడటానికి మగవాడు ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. ఆడవాళ్ళకు చోటు కన్నా ముందు వేళ దొరకాలి. మెట్రో రాత్రి పదకొండు దాకా తిరుగుతుంది గానీ అమీర్‌పేట లేడీస్ హాస్టల్ గేటు అప్పటిదాకా తెరిచి ఉండదు. అందుకే మా కూటం ఆదివారం పదకొండింటికి మొదలై నాలుగింటికి ముగుస్తుంది. రాత్రి పార్టీ పెట్టమని కుర్రపిల్లలు గోల చేస్తుంటారు. పెట్టొచ్చు. కానీ అప్పుడు వచ్చేది సొంత ఫ్లాటు, సొంత కారు ఉన్నవాళ్ళే.

పెళ్ళయినవాళ్ళకు ఈ ఆదివారం కూడా పనికిరాదు. ఆ రోజు మొగుడూ పిల్లలూ అత్తమామలూ అందరూ ఇంట్లోనే ఉంటారు. వాళ్ళకు వీలయ్యేది ఏ బుధవారమో, పిల్లలు బడి నుంచి వచ్చేలోపు, మూడు గంటలు. పెళ్ళయినవాళ్ళా అని ఆశ్చర్యపోకండి. మన ఇళ్ళల్లో పెళ్ళి ఆడపిల్లను అడిగి చేసేదైతే ఆశ్చర్యపోవచ్చు. అందుకని ఆదివారం కూటం వేరు, బుధవారం కూటం వేరు. ఈ రెండు కూటాలవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నది తక్కువ. ఒకరిమీద ఒకరికి అనుమానాలు మాత్రం దండిగా ఉన్నాయి. వాళ్ళది ధైర్యం లేకపోవడం అని వీళ్ళు, వీళ్ళది బరువు తెలియకపోవడం అని వాళ్ళు.

తెర దించుకుని కలుసుకోవడం మాతో మొదలు కాలేదు. 1955లో శాన్‌ఫ్రాన్సిస్కోలో నాలుగు స్త్రీ జంటలు ఒక ఇంట్లో కలిశాయి. విప్లవం తెద్దామని కాదు. బార్ల మీద పోలీసులు దాడులు చేస్తుంటే, బెదురు లేకుండా కలిసి డాన్సు చేసుకునే చోటు కావాలనిపించింది. ఆ ఆలోచన ఒక ఫిలిప్పీన్స్ యువతిది. డాటర్స్ ఆఫ్ బిలిటిస్ అని పేరు పెట్టుకున్నారు. బయటివాళ్ళు వింటే ఏదో మహిళా క్లబ్బు అనుకోవాలని. ఇళ్ళల్లో కాఫీ తాగుతూ చర్చలు పెట్టుకున్నారు. 1956 అక్టోబరు నుంచి 'ద లాడర్' అని పత్రిక తెచ్చారు. సంపాదకురాలు ఫిలిస్ లయన్ మొదట్లో ఆన్ ఫెర్గూసన్ అనే మారుపేరు పెట్టుకుంది. మీ పేర్లు మా దగ్గర భద్రంగా ఉంటాయని పాఠకులకు భరోసా ఇచ్చిన వ్యాసం కింద ఉన్నదీ ఆ దొంగపేరే! తర్వాత కొద్ది నెలలకే, ఆన్ ఫెర్గూసన్ చచ్చిపోయిందని తనే ప్రకటించి సొంత పేరుతో రాయడం మొదలుపెట్టింది. మా దగ్గర మూడు పేర్లతో తిరిగే అమ్మాయికి ఈ కథ చెబితే, "నేనైతే ఇంకా ఎవరినీ చంపదలుచుకోలేదక్కా" అంది.

మన దేశంలో ముందు ఉత్తరాలు కలిశాయి, మనుషులు తర్వాత కలిశారు. 1991లో ఢిల్లీలో గీతి థడానీ మొదలుపెట్టిన 'సఖి' పోస్టు బాక్సు చిరునామాకు ఎక్కడెక్కడి నుంచో స్త్రీలు రాసేవారు. 1995లో బొంబాయిలో 'స్త్రీ సంగమ్' వచ్చింది, ఇప్పుడు దాని పేరు 'లేబియా'. 1998 డిసెంబరులో ఇద్దరు స్త్రీల ప్రేమ మీద దీపా మెహతా తీసిన 'ఫైర్' సినిమా ఆడుతున్న థియేటర్లను శివసేన వాళ్ళు పగలగొట్టారు. ఆ నెల 7న ఢిల్లీ రీగల్ సినిమా ముందు కొవ్వొత్తులతో జనం నిలబడ్డప్పుడు, అందులో తాము భారతీయులం, లెస్బియన్లం అని అట్టల మీద రాసుకుని నిలబడ్డ స్త్రీలున్నారు. అప్పటిదాకా ఆ రెండు మాటలూ కలిపి వీధిలో ఎవరూ చూడలేదు. మరుసటి ఏడు జూన్ 20న కలకత్తాలో కొద్దిమంది స్త్రీలు 'శాఫో' పేరుతో కలిశారు. అది 2003లో 'శాఫో ఫర్ ఈక్వాలిటీ'గా విస్తరించింది. 'స్వకంఠే' అనే తమ పత్రికను కలకత్తా పుస్తకాల సంతలో పెట్టి అమ్ముతారు. నాకు ఈర్ష్య కలిగే విషయం ఇదే. మన పుస్తక ప్రదర్శనలో తెలుగులో అలాంటి పత్రిక ఒకటి బల్ల మీద ఉండి, ఎవరో పెద్దావిడ తిరగేసి వెల ఎంతని అడగడం చూడాలని ఉంది.

హైదరాబాదులో ప్రైడ్ నడక 2013 ఫిబ్రవరిలో మొదలైంది. నేనూ వెళ్తాను, బాగుంటుంది. కానీ టీవీలో మొహం కనబడుతుందని అక్కడికి రానివాళ్ళే మా ఇంటికి వచ్చేవాళ్ళలో ఎక్కువ.

ఇక సాకు సంగతి. సాకుకు సాక్ష్యం ఉండాలని మాకు కూకట్‌పల్లి నుంచి వచ్చే ఒకావిడ నేర్పింది. స్నేహితురాలింట్లో వ్రతం అని చెప్పి వచ్చింది, ఇంటికి ఉత్తి చేతులతో వెళ్ళింది. అత్తగారు వాయనం ఏదని అడిగింది. ఆ తర్వాత నుంచి బుధవారం వచ్చేవాళ్ళందరికీ వెళ్ళేటప్పుడు బొట్టు పెట్టి రెండు తమలపాకులు, వక్క, అరటిపండు, నానబెట్టిన శనగలు, జాకెట్ ముక్క ఇచ్చి పంపుతున్నాం. జాకెట్ ముక్కలు జనరల్ బజారులో డజన్ల లెక్కన తెస్తాం. ఆలోచిస్తే పేరంటం ఎంత తెలివైన ఏర్పాటో! మధ్యాహ్నం పూట, మగవాళ్ళు గుమ్మం తొక్కకుండా, ఎవరింటికి ఎందుకు వెళ్తున్నావని అడిగే పని లేకుండా ఆడవాళ్ళు ఒకచోట చేరతారు. దానికి దేవుడి ముద్ర ఉంది కాబట్టి ఎవరూ కాదనరు. అయితే అది మొగుడున్నవాళ్ళ కూటం. మా మేనత్త ముప్ఫై ఏళ్ళు రాకముందే భర్త పోయి, మిగతా జీవితమంతా పేరంటాలకు పులిహోర కలిపింది గానీ పీట మీద కూర్చోలేదు. ఆవిడను పిలవని పేరంటాన్ని మేం దొంగిలించి వాడుకుంటున్నందుకు నాకేమీ బాధ లేదు.

ఒకసారి ఇంకో అత్తగారికి జాకెట్ ముక్క రంగు బాగా నచ్చి, ఈసారి వ్రతానికి తననూ పిలవమని కోడలితో కబురంపింది. కొన్నాళ్ళు మాకు అదే నవ్వులాట. తర్వాత ఆ కోడలే అడిగింది, "నిజంగా పిలిస్తే ఏమవుతుందక్కా?" అని. ఎవరం జవాబు చెప్పలేదు. నాకైతే ఆవిడ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా శనగలు మాత్రం తినే వెళ్తుందనిపించింది.

కొత్త మనిషిని చేర్చుకోవడం మరో పద్ధతి. ముందు ఫోనులో మాట్లాడతాం. తర్వాత మాలో ఒకరు బయట, ఏ మెట్రో స్టేషన్ కిందో టీ తాగుతూ కలుస్తారు. ఆడపేరు పెట్టుకుని వచ్చే మగవాళ్ళుంటారు, చెల్లెలి ఫోనులోంచి మెసేజ్ పెట్టే అన్నలుంటారు. ఇంటి చిరునామా ఆ రోజు పొద్దున్నే పంపుతాం. లోపలికి వచ్చాక ఆ పిల్లను హాల్లో కూర్చోబెట్టి, నీ గురించి చెప్పు అని అడగడం కన్నా క్రూరమైన పని లేదు. నేరుగా వంటింట్లోకి తీసుకెళ్ళి కొత్తిమీర కట్ట చేతికిస్తాను. చేతులకు పని ఉంటే కళ్ళు దించుకోవడానికి కారణం ఉంటుంది. సగం కట్ట ఒలిచేలోగా ఏదో ఒకటి తనే మాట్లాడుతుంది. ఒకమ్మాయి కట్టంతా ఒలిచి, పుదీనా కూడా ఒలిచి, నాలుగింటికి చెప్పులేసుకుని ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఇక రాదనుకున్నాం. మళ్ళీ నెల అందరికన్నా ముందొచ్చింది.

ఫొటోలు తీయకూడదన్నది గట్టి నియమం. స్టేటస్‌లో బిర్యానీ పళ్ళెం పెట్టినా, ఇద్దరు ఒకే పళ్ళెం పెడితే కనిపెట్టే బంధువులుంటారు. బాల్కనీ పక్కన ఏమీ తగిలించని ఖాళీ గోడ ఒకటుంది. వీడియో కాల్ వస్తే అక్కడికి పరిగెడతారు. నిశ్చితార్థం అయిన ఒక పిల్ల ఆ గోడ ముందు నిలబడి పదిహేను నిమిషాలు కాబోయేవాడితో నవ్వుతూ మాట్లాడి, ఫోను పెట్టేసి, పక్కనున్న తన స్నేహితురాలి చేతిలోంచి పళ్ళెం తీసుకుని తినడం మొదలుపెట్టింది. ఏమనాలో తెలియక పెరుగు వడ్డించాను.

మా కూటాల్లో నాకు నచ్చనివీ ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది ఇంగ్లీషు. నగరాల్లో ఈ సమావేశాలు గుండ్రంగా కూర్చుని పరిచయాలతో మొదలవుతాయి. పేరు, సర్వనామం, నీకు నువ్వు పెట్టుకున్న గుర్తింపు, అన్నీ ఇంగ్లీషులో గడగడా చెప్పేస్తారు. నిజామాబాదు నుంచి వచ్చిన నర్సమ్మ తన వంతు వచ్చేసరికి గొంతెండిపోయి బాత్రూముకు లేస్తుంది. ఇంగ్లీషు వెనక కులం ఉంది, చదువుకున్న బడి ఉంది, ఇంట్లో తనకంటూ ఒక గది ఉందా లేదా అన్నదీ ఉంది. అందుకని మేం పరిచయాలు ఎత్తేశాం. బదులు అంత్యాక్షరి పెట్టాం. సినిమా పాటల్లో హీరో పాడే చరణాలు పాడటానికి అమ్మాయిలు ఎంతగా కొట్టుకుంటారో చూడాలి! నర్సమ్మకు ఘంటసాల పాటలన్నీ నోటికి వచ్చునని అలాగే తెలిసింది.

లోకం చిన్నది కావడం రెండో ఇబ్బంది. విడిపోయిన జంట ఎక్కడికి పోతారు? ఉన్నది ఒక్క ఇల్లే. ఇద్దరూ ఇక్కడికే రావాలి, ఒకరు వంటింట్లో ఉంటే ఒకరు బాల్కనీలో ఉండాలి. ఈ లెక్కలు చూసుకోవడానికే ఒక మనిషి కావాలి, ఆ పని నామీద పడింది.

ఎవరిని రానివ్వాలన్న తగవు కూడా ప్రతి కూటంలోనూ ఉన్నదే. అమ్మాయిగా మా గుమ్మం ఎక్కి, తర్వాత మగవాడిగా పేరు మార్చుకున్న తమ్ముడు ఒకడున్నాడు. ఇక రావద్దని కొందరన్నారు. కొత్తిమీర ఒలిచినవాణ్ణి ఎలా పొమ్మంటాం? ఉన్నాడు. ట్రాన్స్ స్త్రీలూ వస్తారు. ఒప్పుకోని ఇద్దరు ముగ్గురు రావడం మానేశారు. నాకు అదే సరైన లెక్క అనిపించింది.

టీ ఖర్చుకు తప్ప ఇదంతా దేనికి అని ఉద్యమంలో ఉన్న స్నేహితులు దెప్పుతుంటారు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాలను నేరమనే 377వ సెక్షన్ కోరలు పీకింది. కానీ ఇంట్లోంచి వెళ్ళిపోయిన ఇద్దరు అమ్మాయిల మీద ఇంటివాళ్ళు పెట్టేది సాధారణంగా ఆ కేసు కాదు. కూతురు తప్పిపోయిందని, ఎత్తుకుపోయారని పెడతారు. 2024 మార్చిలో సుప్రీంకోర్టు, మనిషిని కోర్టు ముందుకు తెమ్మని వేసే ఇలాంటి హెబియస్ కార్పస్ కేసుల్లో కౌన్సెలింగ్ పేరుతో ఆ మనిషి మనసు మార్చాలని చూడొద్దని కోర్టులకు చెప్పింది. 2025 మేలో మద్రాసు హైకోర్టు, తామే ఎంచుకున్నవాళ్ళతో ఏర్పడ్డదీ కుటుంబమేనని గుర్తించింది. తీర్పులు మంచివే. స్టేషన్లో ఎస్సై ముందు నిలబడ్డ రాత్రి ఆ తీర్పు కాగితం ఫోనులో ఉన్న మనిషి, లాయరు నంబరు తెలిసిన మనిషి, మేమున్నామని బయల్దేరే మనిషి కావాలి. వాళ్ళు చిక్కుడుకాయలు ఒలిచిన చోటే దొరికారు మాకు.

ఇప్పుడు నడుస్తున్న గొడవ కార్తీక మాసం గురించి. విజయవాడ పిల్లలు వనభోజనాలు పెడదామంటున్నారు. హైదరాబాదుకు రావాలంటే వాళ్ళకు రాత్రి బస తప్పదు, బసకు సాకు దొరకదు. ఆ నెలలో అయితే ఏ మామిడితోట చూసినా జనమే. కుల సంఘాలు, ఆఫీసు సంఘాలు, అపార్టుమెంటు సంఘాలు, మైకులు, కుర్చీలాటలు. ఉసిరి చెట్టు కింద పాతికమంది ఆడవాళ్ళు విస్తళ్ళు వేసుకుంటే ఎవరూ తిరిగి చూడరు. ఆలోచన నాకూ నచ్చింది. తోట కాపలాదారు మాత్రం పుస్తకంలో రాసుకోవడానికి ఏ సంఘం అని అడుగుతాడట. ఉద్యోగినుల సంఘం అని రాయిద్దామని ఒకరు, భక్త సమాజం అందామని ఒకరు. అడ్వాన్సు కట్టాల్సిన కుర్రది, "ఏదో ఒకటి తొందరగా తేల్చండి, ఆ ఆదివారానికి కమ్మవాళ్ళు కూడా అడుగుతున్నారట" అని పొద్దుట్నుంచి మెసేజ్‌లు పెడుతోంది.