చీపురు పట్టిన చేతికి కరపత్రం

పోయిన శనివారం పొద్దున ఏడున్నరకు నేరేడ్‌మెట్ చౌరస్తాలో ఒక కుర్రాడు కరపత్రాలు పంచుతున్నాడు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, భుజాన గుడ్డ సంచి, చేతిలో పసుపు రంగు కాగితాల కట్ట. చాయ్ హోటల్ ముందు నిలబడ్డవాళ్ళకు తలా ఒకటి ఇచ్చాడు. సఫిల్‌గూడ చెరువు వైపు నడకకు వెళ్ళి వస్తున్న పెద్దలకు వంగి మరీ ఇచ్చాడు. కారు అద్దం దించినవాళ్ళకు చెయ్యి చాపి అందించాడు. మర్యాద తెలిసిన పిల్లాడు. రోడ్డు వార ఊడ్చుకుంటూ వస్తున్న పారిశుద్ధ్య కార్మికురాలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అతని చెయ్యి ఆగింది. ఆమెను తప్పుకుని, ఆమె వెనక వస్తున్న పాల ప్యాకెట్ల మనిషికి ఇచ్చాడు.

ఆమె చీపురు నిలబెట్టింది. "నాకియ్యవా బిడ్డా?"

కుర్రాడు తడబడ్డాడు. "చదువుతావా అమ్మా?" అన్నాడు.

"నేను చదవ. మా పాప చదువుతది."

ఇచ్చాడు. ఆమె చెయ్యి చీర కొంగుకు తుడుచుకుని తీసుకుంది. నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది. ఎదురుగా చాయ్ తాగుతూ ఇదంతా చూస్తున్న ఈ కాలమ్ రచయితకు అప్పుడు కనిపించింది ఇంకొకటి. ఆమె ఊడ్చి పెట్టిన కుప్పలో అలాంటి పసుపు కాగితాలే నాలుగైదు ఉన్నాయి. తీసుకున్నవాళ్ళు పది అడుగులు వేసి పడేసినవి. కావాలంటే వంగి ఏరుకోవచ్చు. ఆమె ఏరుకోలేదు, అడిగింది.

ఆ కుర్రాడి మీద వచ్చిన కోపం ఆదివారం ఆరాధన అయ్యేదాకా తగ్గలేదు. సువార్త అందరికీ అని ఆ కాగితం మీదే పెద్దక్షరాలతో ఉంది మరి.

ఈ కాలమ్ చదివేవాళ్ళకు రచయిత పట్టుదలలు కొత్త కాదు. ప్రార్థన ఎవరిదైనా, మైకు చప్పుడు ప్రహరీ దాటకూడదన్నది ఒకటి. 'ప్రభువు నడిపించాడు' అనే మాటను ప్లాటు కొన్నందుకూ సంబంధం వద్దనుకున్నందుకూ వాడకూడదన్నది మరొకటి. కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడిన చోట దొరికిన వచనాన్ని దేవుని ఆజ్ఞ అనుకోవడం నడిపింపు కాదని ఎన్నిసార్లు రాశాడో లెక్కలేదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకునే వాగ్దాన కార్డుల మీద రాసిన వారం వచ్చినన్ని ఉత్తరాలు మళ్ళీ రాలేదు. వీటన్నిటికీ తోడు నాలుగోది కూడా ఉంది: కరపత్రాలు, బ్యానర్లు తగ్గించి, బతుకుతోనే సాక్ష్యం చెబితే చాలునని. ఈ వారం రాయబోయింది కూడా అదే.

రచయిత కూడా ఒకప్పుడు పంచినవాడే. పదిహేనేళ్ళ వయసులో యవ్వనస్థుల బృందంతో కలిసి రోడ్డెక్కాడు. బృందానికి పెద్దగా ఉన్న అన్న వాళ్ళకు నేర్పిన పద్ధతులు ఇప్పటికీ గుర్తే. కాగితాన్ని చదివేవాళ్ళ వైపు తిప్పి ఇవ్వాలి. ముందు ముఖం చూడాలి, తర్వాతే చెయ్యి చాపాలి. వద్దంటే వందనం చెప్పి పక్కకు జరగాలి, వాదం పెట్టుకోకూడదు. మన రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే స్వేచ్ఛ ఇచ్చింది గానీ, ఎదుటివాడి జేబులో కుక్కే స్వేచ్ఛ ఇవ్వలేదని ఆ అన్న మాటి మాటికీ అనేవాడు. అన్నిటికన్నా కష్టమైనది ఆఖరి నియమం. పంచడం అయిపోయాక వచ్చిన దారినే వెనక్కి నడిచి, జనం పడేసిన కాగితాలన్నీ ఏరుకున్నాకే ఇంటికి వెళ్ళాలి. "మనం పంచిన దాన్ని ఇంకొకళ్ళు ఊడవకూడదు" అనేవాడు. ఎండలో వంగి వంగి ఏరిన ఆ సాయంత్రాలే రచయితకు సువార్త అంటే ఏమిటో ఎక్కువ నేర్పాయి.

ఆ రోజుల్లోనే నేరేడ్‌మెట్ నుంచి సికింద్రాబాద్ వెళ్ళి, బస్సు మారి, ముషీరాబాద్ మీదుగా గోల్కొండ చౌరస్తాలో దిగి హెబ్రోనుకు వెళ్ళేవాళ్ళు. ప్రార్థన వల్లా కూడికల వల్లా ఆ ప్రాంగణం పేరు తెలియని తెలుగు విశ్వాసి అరుదు. దాన్ని 1950లో ప్రారంభించిన భక్త్ సింగ్ గారి కథ ఇళ్ళలో చెప్పుకునేదే. 1903లో పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టారు. బడిలో ఉండగా బహుమానంగా ఇచ్చిన బైబిలుకు అట్ట అందంగా ఉందని అట్ట ఉంచుకుని లోపలి పేజీలు చించేశారు. ఇంజినీరింగ్ చదువుకు ఇంగ్లండ్, అక్కణ్ణుంచి కెనడా వెళ్ళారు. 1929 చివర్లో విన్నిపెగ్‌లో ఒక స్నేహితుడి దగ్గర తీసుకున్న కొత్త నిబంధన చదివి క్రీస్తును నమ్మారు. 1933లో బొంబాయిలో ఓడ దిగేసరికి తల్లిదండ్రులు ఎదురొచ్చారు. నమ్మితే నమ్ముకో, బయటికి మాత్రం చెప్పకు, కుటుంబం పరువు ఉంటుంది అన్నారు. ఆ ఒక్కటి ఆయన ఒప్పుకోలేకపోయారు. ఇంటికి వెళ్ళే దారి అక్కడే మూసుకుపోయింది.

హెబ్రోను విశ్వాసుల నోట 'దేవుని చిత్తం' అనే మాట ఎప్పుడూ వినిపిస్తుంది. దాని వెనక భక్త్ సింగ్ గారి మోకాళ్ళున్నాయి. ఏ ఊరు వెళ్ళాలన్నా, ఏ పని మొదలుపెట్టాలన్నా గంటల తరబడి ప్రార్థనలో కనిపెట్టడం ఆయన అలవాటు. డబ్బు కావాలని మనుషులను అడగకూడదన్నది ఆయన నియమం. వాక్యాలు రాసిన బ్యానర్లు పట్టుకుని, పాడుకుంటూ వీధుల వెంట సువార్త ఊరేగింపులు తీయడం కూడా ఆయన పద్ధతే. ఏటా జరిగే పరిశుద్ధ కూడికల్లో వేలమంది పందిట్లో బారులు తీరి నేల మీద కూర్చుని ప్రేమ విందు తినేవాళ్ళు. రచయిత మనసులో నిలిచిపోయింది ఆ బంతే. ఆఫీసరు, కూలీ, పల్లెటూరి ముసలమ్మ, మెడిసిన్ చదివే కుర్రాడు ఒకే వరసలో కూర్చునేవాళ్ళు. వడ్డించేవాడు ఎవరి ముఖమూ చూడకుండా గరిటె వంచేవాడు. 2000 సెప్టెంబరు 17న భక్త్ సింగ్ గారు కన్నుమూస్తే, నారాయణగూడ శ్మశానవాటిక దాకా సాగిన జనంలో ఆ బంతిలో తిన్నవాళ్ళు ఎందరో.

బంతిలో అందరినీ కూర్చోబెట్టిన ఊళ్ళోనే, కరపత్రం పంచేవాడికి చీపురు పట్టిన మనిషి ఎందుకు కనపడలేదు? ఈ ప్రశ్న పట్టుకుని వెతికితే రచయిత ఆలోచన ఒంగోలు దాకా వెళ్ళింది.

అక్కడ కథ చెప్పులతో మొదలవుతుంది. ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ. తోళ్ళ వ్యాపారం చేస్తూ ఊళ్ళు తిరిగేవాడు. దేవుణ్ణి వెతుక్కుంటూ అంతకుముందే ఒక యోగమార్గంలో గురువుల దగ్గర ఏళ్ళు గడిపినవాడు. తోళ్ళ బేరానికి ఉత్తరం వైపు వెళ్ళినప్పుడు క్రీస్తు మాట విన్నాడు. 1866లో భార్యతో కలిసి ఒంగోలులో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ ఏడాది సెప్టెంబరులోనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు చేరాడు. అప్పటికే పేరయ్య తనవాళ్ళ మధ్య చెప్పడం మొదలుపెట్టి, వచ్చి చూడమని కబురు మీద కబురు పంపుతున్నాడు. 1867 జనవరిలో క్లౌ దొర నలభై మైళ్ళు వెళ్ళి తాళ్ళకొండపాడు దగ్గర చింతతోపులో దిగేసరికి, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మూటా ముల్లె కట్టుకుని వచ్చి కూర్చుని ఉన్నారు. అయిదు రోజులు కూర్చుని విన్నారు. 28 మంది బాప్తిస్మం పొందారు. మాదిగల బతుకూ వాళ్ళ నోటి కథలూ సేకరించి ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకానికి 'వైల్ సూయింగ్ శాండల్స్' అని పేరు పెట్టింది. చెప్పులు కుట్టుకుంటూ చెప్పుకున్న మాటలవి.

తర్వాత వచ్చింది చిక్కు. ఒంగోలులో క్లౌ దగ్గర పైకులాల పిల్లలకు బడి నడుస్తోంది. ఊరి పెద్దలు ఆయన్ను గౌరవిస్తున్నారు. మాదిగలను చేర్చుకుంటే మా పిల్లల్ని పంపం అన్నారు. ముందు పెద్దకులాలు, వాళ్ళ వెంట మిగతావాళ్ళు అన్నది అప్పటి మిషనరీల్లో చాలామంది లెక్క. క్లౌ కూడా ఆ బడి మీద ఎంతో ఆశ పెట్టుకున్నాడు. ఏం చెయ్యాలో పాలుపోక గదిలో ఒంటరిగా కూర్చుని, చేతికందిన బైబిలు తెరిచాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం, 26వ వచనం దగ్గర విప్పుకుంది. లోకంలో గొప్పవాళ్ళను కాదు, ఎన్నికలేని వాళ్ళనే దేవుడు ఏరుకున్నాడని పౌలు చెప్పే చోటు. కాసేపటికి భార్య హ్యారియెట్ వేరే గదిలోంచి వచ్చి, తనకు దొరికిన మాట చూపించింది. అదే చోటు.

కళ్ళు మూసుకుని బైబిలు తెరవడం నడిపింపు కాదని ఇన్నేళ్ళు రాసిన రచయితకు ఈ సంఘటన కొరుకుడు పడదు. యాదృచ్ఛికం అని తోసేద్దామనుకున్నాడు, కుదరలేదు. క్లౌకు దొరికింది తనకు లాభం చేసే వచనం కాదు. ఆ వచనానికి లోబడితే బడి ఖాళీ అవుతుంది, పరపతి పోతుంది, లెక్కంతా తలకిందులవుతుంది. అయినా లోబడ్డాడు. పైకులాల పిల్లలు వెళ్ళిపోయారు. ప్లాటు కొనమని చెప్పే వచనానికీ, బడి పోగొట్టుకొమ్మని చెప్పే వచనానికీ తేడా ఉంది. భక్త్ సింగ్ గారికి బొంబాయి రేవులో ఇల్లు పోయింది. నడిపింపుకు గుర్తు ఏమిటని ఎవరైనా అడిగితే, అది మన లెక్కలో లేని మనిషి దగ్గరికి తీసుకువెళుతుందని చెప్పడానికి రచయిత ఇప్పుడు వెనకాడడు. వేలు పడిన చోటులోనూ దేవుడు మాట్లాడగలడని ఒప్పుకోవడానికి కూడా.

మిగతాది చరిత్రలో ఉన్నదే. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకున్నాడు. ఒకప్పుడు సర్వేయరుగా పనిచేసినవాడు, ఆ పని తెలుసు. ఆకలితో వచ్చినవాళ్ళకు పని, కూలి దొరికాయి. బోధకులే మేస్త్రీలు. పొద్దు వాలాక పలుగూ పారా పక్కన పెట్టి కూర్చున్నవాళ్ళకు క్రీస్తు మాటలు చెప్పేవాళ్ళు. బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడిగారు. ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారో దేవుని కోసం వచ్చారో తేలాలని ఏడాదికి పైగా ఆపాడు. కరువు సాయం ముగిశాక, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాకే వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో దిగారు. 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చినవాళ్ళు తెలుగు బోధకులు. వాళ్ళు పేరయ్య దారిలో వచ్చినవాళ్ళే.

ఇంత దూరం వెళ్ళి వచ్చాక, ఈ వారం రాయబోయిన మాట చేతికి రాలేదు. కరపత్రాలు మానేసి బతుకుతో చెబితే చాలన్నది ఇన్నాళ్ళూ రచయిత మాట. పేరయ్య బతికి ఊరుకోలేదు, నోరు తెరిచి చెప్పాడు. ఊరూరా తిరిగి చెప్పాడు. మౌనంగా బతకడమే సాక్ష్యమని చెప్పడం, చెప్పకపోయినా నష్టం లేనివాళ్ళకు తేలిక. శనివారం నాటి కుర్రాడు ఒక మనిషిని చూడకుండా దాటాడు, నిజమే. మిగతా అందరి దగ్గరా ఆగాడు. ఆమె అడిగితే ఇచ్చాడు కూడా. రచయిత ఇంటి ముందు ఆమే ఊడుస్తుంది. మూడేళ్ళుగా. పొద్దున్నే గేటు తీసి పేపరు అందుకుంటూ తల ఊపడమే తప్ప ఒక్క రోజు కూడా ఆమెతో మాట్లాడలేదు. కాగితం ఉన్నవాడిని కోప్పడిన మనిషి చేతిలో కాగితం కూడా లేదు.

మంగళవారం పొద్దున చీపురు చప్పుడు విని బయటికి వచ్చాడు. పాప చదివిందా అమ్మా అని అడిగాడు. చదివిందని చెప్పింది. తొమ్మిదో తరగతట. ఒక మాట దగ్గర ఆగిపోయిందట, టీచరమ్మను అడుగుతానందట.

"విమోచన అని ఉందట సారూ. సెప్టెంబర్ల జెండా ఎగరేస్తరు సూడు, గదేనా?"

మన సంఘాల తెలుగు బయటివాళ్ళకు అర్థం కాదని రాసీ రాసీ అలిసిపోయిన రచయిత, ఆ మాట అర్థం తన నోటితో ఎవరికైనా చెప్పి ఎన్నేళ్ళయిందో వెతుక్కున్నాడు. రక్షణ, క్రయధనం, ప్రాయశ్చిత్తం అని నోటికొచ్చిన మాటలన్నీ ఆ కరపత్రంలోవే. చివరికి ఆమె మెడ వైపు చూశాడు. పసుపుతాడు మాత్రమే ఉంది.

"పుస్తెలు తాకట్టు పెడతాం కదమ్మా. పైకం కట్టి విడిపించుకుంటాం. అట్లా విడిపించడం."

ఆమె చీపురు గోడకు ఆనించింది. తాకట్టు సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేదు. అసలు, వడ్డీ, గడువు అన్నీ తెలుసు. కాసేపు ఆలోచించి అడిగింది.

"మనల్ని ఇడిపిచ్చిండ్రు అంటున్నవ్. మరి పైసలెవరు కట్టిండ్రు సారూ?"

రచయిత గేటు పూర్తిగా తీసి, మెట్టు మీద పేపరు పక్కకు జరిపి ఆమెకు చోటిచ్చాడు.