చమురుకు ముందటి పాట

ముత్యాల పడవ మీద పాడడానికే ఒక మనిషిని పెట్టుకునేవారు. అతను నీళ్లలోకి దూకనక్కర్లేదు, మునిగినవాళ్లను తాడుతో పైకి లాగనక్కర్లేదు. కువైట్ తీరంలో అతన్ని నహ్హామ్ అంటారు. పడవ నడిపే నోఖదాలు మంచి గొంతున్న నహ్హామ్ కోసం పోటీపడి, ఎక్కువ ముట్టజెప్పి తెచ్చుకునేవారు. వేసవిలో నాలుగు నెలలు, నీడ దొరకని సముద్రం మీద, గుప్పెడు ఖర్జూరాలతో పొద్దు గడిపి, ఉప్పునీళ్లకు ఒళ్లంతా పుండ్లు పడే బతుకు అది. అలాంటి చోటికి ఒక పాటగాణ్ని కూలి ఇచ్చి మరీ తీసుకెళ్లారంటే, పాట అక్కడ పొద్దుపోవడానికి కాదని అర్థమవుతుంది. తెడ్లన్నీ ఒక్కసారి నీళ్లలో పడాలన్నా, లంగరు లేవాలన్నా, బరువైన తెరచాప కొయ్య పైకెక్కాలన్నా ఆ గొంతు లేవాలి.

కువైట్‌లోని అహ్మది పట్టణం అనగానే ఎవరికైనా చమురే గుర్తొస్తుంది. అది న్యాయమే. దగ్గర్లోని బుర్గాన్‌లో 1938లో చమురు పడింది. 1946 జూన్ 30న ‘బ్రిటిష్ ఫ్యూజిలియర్’ అనే ఓడలో మొదటి సరుకు బయటికి వెళ్లింది. అప్పటి పాలకుడు షేక్ అహ్మద్ అల్ జాబర్ పేరు మీద, ఎడారిలో ఎత్తుగా ఉన్న గట్టు మీద కువైట్ ఆయిల్ కంపెనీ ఈ పట్టణాన్ని కట్టింది. అయితే ఆ గట్టు దిగి తూర్పుకు వెళ్తే తీరం వెంట ఫాహహీల్, మంగాఫ్, అబు హలీఫా, ఫింతాస్ వస్తాయి. ఇవాళ కడప జిల్లా నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వచ్చిన మనవాళ్లు గదులు పంచుకుని బతుకుతున్న అపార్ట్‌మెంట్ల వరసలు అవే. చమురుకు ముందు అవి చేపలు పట్టుకునే, ముత్యాలకు పోయే ఊళ్లు. మనం అద్దె కడుతున్న నేల మీద ఒక పెద్ద సంగీత సంప్రదాయం పుట్టి పెరిగిందని మనలో చాలామందికి తెలియదు. దాన్ని తెలుసుకోవడం మన బాధ్యత అని నా నమ్మకం.

పడవ పాటలో ప్రతి పనికీ వేరే బాణీ ఉంది. తెడ్డు వేసేటప్పుడు ఒకటి, తెరచాప ఎత్తేటప్పుడు ఒకటి, లంగరు తాడు లాగేటప్పుడు ఇంకొకటి. నహ్హామ్ తార స్థాయిలో, గొంతు చీరుకుపోతుందేమో అన్నంత గట్టిగా, తాళం లేకుండా సాగదీసి ఎత్తుకుంటాడు. దేవుణ్ని తలుచుకుంటాడు, ఇంటిని తలుచుకుంటాడు. అతని పాదం ముగిసే చోట జట్టు అందుకుంటుంది. వాళ్లు అందుకునే తీరే ఈ సంగీతంలో అన్నిటికంటే గొప్ప విషయం. నహ్హామ్ గొంతుకు దాదాపు రెండు స్థాయిల కింద, ఛాతీ అడుగు నుంచి, గుర్రుమనే ఒక నాదాన్ని అందరూ కలిసి పట్టుకుంటారు. మొదటిసారి విన్నవాళ్లు అది మనుషుల గొంతులంటే నమ్మరు. శ్రుతి పెట్టడమంటే మనకు తంబుర. ఇక్కడ తాడు లాగుతున్నవాళ్ల ఊపిరే శ్రుతి. బరువు లాగేటప్పుడు ఛాతీలోంచి వచ్చే మూలుగును స్వరంగా మలుచుకున్నారు. పై గొంతు ఎంత ఎత్తుకు పోతే కింది నాదం అంత గట్టిపడుతుంది. ఆ రెంటి మధ్య ఉన్న ఖాళీలో సముద్రమంత వెడల్పు వినిపిస్తుంది.

పాదాల కట్టడి కూడా సామాన్యమైంది కాదు. నహ్హామ్‌లు ఎక్కువగా పాడే జుహైరీ అనే పద్యానికి ఏడు పాదాలు. మొదటి మూడూ ఒకే మాటతో ముగుస్తాయి, కానీ ప్రతిసారీ అర్థం వేరు. తర్వాతి మూడు పాదాలు మరో మాటను పట్టుకుని అదే పని చేస్తాయి. ఏడోది మళ్లీ మొదటి మాటకు వచ్చి ముడి వేస్తుంది. మన పండితులు యమకం పేరుతో ప్రబంధాల్లో చూపించిన నేర్పును ఇక్కడ చదువు రాని ఓడ కూలీలు నోటికి నేర్చుకుని, వింటూనే ఏ అర్థమో పట్టుకుని మెచ్చుకునేవారు. శారీరక శ్రమ చేసేవాళ్లకు మోటు పాట చాలు అనుకునేవాళ్లు ఈ ఒక్క పద్యరూపాన్ని చూస్తే చాలు.

పని పాటలు సముద్రానివైతే, ఒడ్డు మీది పాట ఫిజిరి. ముత్యాల కాలం అయిపోయాక, చలికాలం రాత్రుళ్లు, నావికులు ఒకచోట చేరి సముద్రాన్ని తలుచుకుంటూ పాడుకున్నది ఇది. బహ్రెయిన్, కువైట్ రెండు చోట్లా ఉంది. బహ్రీ, అద్‌సానీ, హద్దాదీ, మ్ఖోల్ఫీ, హసావీ అని దీనిలో రకాలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో తాళపు నడక. మొదట ఒక్క గొంతుతో తాళం లేని ఎత్తుగడ నడుస్తుంది. ఆ తర్వాత బృందం దిగుతుంది. వాద్యాలను చూస్తే తెలుగువాడికి ఎక్కడో చూసినట్టే ఉంటుంది. రెండు వైపులా తోలు బిగించిన డోళ్లు, అరచేతిలో ఇమిడే మిర్వాస్ అనే చిన్న డోలు, భజన తాళాల్లాంటి లోహపు తాళాలు, చివరికి మంచినీళ్ల మట్టికుండ కూడా. ఓడ మీద దాహం తీర్చే కుండే ఒడ్డున ఘటమైంది. చప్పట్లు కూడా వాద్యమే. ఒక జట్టు వదిలిన ఖాళీలో ఇంకో జట్టు చప్పట్లు పడతాయి, అవి అల్లుకుంటాయి. గల్ఫ్‌కు బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా మనుషుల లయజ్ఞానం ఈ అల్లికలో ఉంది. వాళ్ల వారసుల్లో పేరున్న పాటగాళ్లు వచ్చారు. ఈ సంగీతాన్ని మెచ్చుకునేటప్పుడు ఆ మాట కూడా చెప్పాలి.

ఫిజిరిని జిన్నులు నేర్పాయని బహ్రెయిన్‌లో ఒక కథ చెప్పుకుంటారు. రాత్రి నిర్జనమైన చోట విన్నవాళ్లు నేర్చుకున్నారనీ, రహస్యం బయటపెడితే ప్రాణం పోతుందని జిన్నులు హెచ్చరించాయనీ. ఇక్కడికి వేల మైళ్ల దూరంలో, మంచు దేశం నార్వేలో కూడా అచ్చం ఇలాంటి కథే ఉంది. జలపాతం కింద ఉండే ఫోసెగ్రిమ్ అనే నీటి భూతం ఫిడేలు నేర్పుతుందని అక్కడి పల్లెవాళ్లు నమ్మారు. తెలెమార్క్‌కు చెందిన తోర్‌గైర్ ఔగుండ్‌సన్‌ను (1801-1872) జనం మిల్లర్‌గుట్టెన్ అని పిలిచేవారు. అంటే మరవాడి కొడుకు. అతని వాయిద్యం మనిషిది కాదని, భూతం దగ్గర నేర్చుకున్నదేనని అనుకునేవారు. అతను వాయించింది హార్డాంగర్ ఫిడేలు. కమాను తగిలేది పైనున్న నాలుగు తీగలకే. వాటి అడుగున మరో నాలుగైదు తీగలు ఎవరూ తాకకుండానే పలుకుతూ నాదాన్ని నింపుతాయి. ఫిడేలు దెయ్యపు వాద్యమని మతపెద్దల మాట విని 19వ శతాబ్దంలో కొందరు తమ ఫిడేళ్లను తామే కాల్చేశారు. పేదవాడి చేతిలో ఇంత విద్య ఉండడాన్ని పెద్దలు, చుట్టుపక్కల జనం కూడా మామూలు మాటల్లో ఒప్పుకోలేకపోయారేమో అనిపిస్తుంది. జిన్ను మీదకో భూతం మీదకో తోసేశారు. నా దృష్టిలో ఆ విద్య నేర్పిన గురువు ఒక్కటే, ఏళ్ల తరబడి పడ్డ కష్టం.

కువైట్ సంగీతంలో మన దేశం పాలు చాలా ఉంది. ఓడలు కట్టిన టేకు మలబారు నుంచి వచ్చింది. ముత్యాలు బొంబాయిలో అమ్ముడుపోయేవి. 1961లో దీనారు వచ్చేదాకా ఇక్కడ చెల్లింది రూపాయే. ఆ దారిలోనే పాట కూడా నడిచింది. కువైట్ పట్టణ సంగీతమైన ‘సోత్’కు ఇవాళ్టి రూపం ఇచ్చినవాడిగా చెప్పుకునే అబ్దుల్లా అల్ ఫరజ్ 1836లో పుట్టాడు. తండ్రి వ్యాపారం బొంబాయిలో. కొడుకు అక్కడే పెరిగాడు, సంగీతం నేర్చాడు, తండ్రి ఆస్తి కరగబెట్టాడు, చివరికి కువైట్ వచ్చి కవిగా, పాటగాడిగా మిగిలిపోయాడు. సోత్‌లో ఊద్ అనే తీగవాద్యం నడిపిస్తుంది, మిర్వాస్‌లు తాళం పడతాయి. అరబీ సోత్‌కు ఆరు దెబ్బల నడక, షామీ సోత్‌కు నాలుగు. చివర ‘తౌషీహా’ అనే ముక్తాయింపు పాట వస్తే కచేరీలో ఆ అంకం ముగిసినట్టు. మధ్యలో ఇద్దరు లేచి జఫాన్ అనే ఆట ఆడతారు. చిన్న అడుగులు, ఉన్నట్టుండి ఒక ఎగురు, మోకాళ్ల మీదికి వాలడం. కూర్చున్నవాళ్లు ప్రేక్షకులు కారు, వాళ్ల చప్పట్లు లేకపోతే పాట నడవదు.

కువైట్‌లో పుట్టిన యూదు అన్నదమ్ములు సాలెహ్ (1908), దావూద్ (1910) కథ కూడా ఇక్కడే చెప్పాలి. వాళ్ల మేనమామో బాబాయో ఒకాయన ఇండియాకు వ్యాపారం మీద వెళ్లి వస్తూ ఒక వయొలిన్, ఒక ఊద్ పట్టుకొచ్చి పిల్లల చేతిలో పెట్టాడు. ఖాలిద్ అల్ బకర్ దగ్గర నేర్చుకున్న ఆ పిల్లలు ‘అల్ కువైతీ’ సోదరులై, బాగ్దాద్ వెళ్లి, 1936లో ఇరాక్ రేడియో వాద్యబృందాన్ని నిలబెట్టారు. 1951లో ఇజ్రాయెల్ వెళ్లిపోయాక వాళ్ల పాటలు ఇరాక్‌లో మోగుతూనే ఉన్నాయి, పేర్లు మాత్రం చెప్పడం మానేశారు. ఐరోపా ఫిడేలు నార్వే కొండల్లో ఒక రూపం తొడుక్కుంది, విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో మరో ప్రాణం పోసుకుంది, ఇండియా మీదుగా కువైట్ ఇంట్లోకీ వచ్చింది. వాద్యం ఎక్కడ పుట్టిందన్నదానికంటే ఎవరి చేతిలో ఏ మాట నేర్చిందన్నదే నాకు ముఖ్యం.

ముత్యాల బతుకును రంగులు పూసి చెప్పకూడదు. మునిగేవాడు కాలికి రాయి కట్టుకుని, ముక్కుకు బిగింపు పెట్టుకుని రోజంతా దిగేవాడు. నోఖదా దగ్గర తీసుకున్న బయానా తీరక, తండ్రి అప్పు కొడుకు మీదికి వచ్చేది. పడవలు రావడం ఆలస్యమైతే ఆడవాళ్లు ఒడ్డుకొచ్చి, మండుతున్న ఖర్జూరపు మట్టలతో సముద్రానికి వాతలు పెట్టి, ఇక చాలు, మావాళ్లను ఇచ్చేయమని పాడేవారు. ఖాలిద్ అల్ సిద్దీఖ్ 1972లో తీసిన ‘బస్ యా బహర్’ అనే కువైట్ తొలి కథాచిత్రం ఆ బాధనే చూపించింది. అప్పు చేసి ఈ తీరానికి వచ్చినవాళ్లకు, ఊళ్లో ఫోను కోసం ఎదురు చూసే ఇళ్లకు ఆ సినిమా వివరించి చెప్పాల్సిన పనిలేదు.

జపాన్ పెంపకపు ముత్యాలు వచ్చి 1930ల్లో ధరలు కూలాయి. ఆస్ట్రేలియా రచయిత అలన్ విలియర్స్ 1938-39లో కువైట్ ఓడ మీద ప్రయాణించి, పాడుతూ తెరచాపలెత్తే నావికుల చివరి రోజులను రాసి పెట్టాడు. తర్వాత చాలామంది నావికులు చమురు కంపెనీలో కూలికి చేరారు. యంత్రం వచ్చాక తాడు లాగడానికి పాట అక్కర్లేదు. పాట పోలేదు గానీ, దాని పని పోయింది.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలన్నది నార్వేకూ ఎదురైన ప్రశ్నే. మిల్లర్‌గుట్టెన్ దగ్గర నేర్చుకున్న క్నూత్ డాలె తను వాయించే బాణీలు తనతోనే పోతాయన్న భయంతో స్వరకర్త ఎడ్వర్డ్ గ్రీగ్‌కు 1888లో ఉత్తరం రాశాడు. 1901లో యోహాన్ హాల్వోర్సెన్ వాటిని విని స్వరం రాసుకున్నాడు. 1903లో గ్రీగ్ పియానోకు మార్చి ‘స్లొట్టర్’ పేరుతో అచ్చు వేయించాడు. గల్ఫ్‌లో ఆ పని గ్రామఫోన్ రికార్డులు, రేడియో చేశాయి. అబ్దుల్లతీఫ్ అల్ కువైతీ 1920ల చివర్లోనే రికార్డులిచ్చాడు. 1951లో కువైట్ రేడియో మొదలైంది. అవద్ దూఖీ (1932-1979) సోత్‌నీ సముద్రపు పాటలనూ కొత్త తరం చెవికెక్కించాడు, ఆయన సోదరుడు యూసుఫ్ వాటి మీద పరిశోధన చేశాడు. డెన్మార్క్ స్వరకర్త పౌల్ రౌసింగ్ ఓల్సెన్, పాలస్తీనాలో పుట్టిన హబీబ్ హసన్ తూమా వచ్చి రికార్డు చేసుకున్నారు. 1979లో మొహమ్మద్ అల్ ఫాయెజ్ కవితలతో, గన్నామ్ అల్ దీకాన్ బాణీలతో షాదీ అల్ ఖలీజ్ ‘ముజక్కిరాత్ బహ్హార్’ పాడితే ముత్యాల కాలం చూడని పిల్లలు కూడా కదిలిపోయారు. కుర్రవాళ్లను తెరచాప పడవల్లో ముత్యాలకు పంపే కార్యక్రమం 1986లో మొదలైంది. బహ్రెయిన్ తరఫున ఫిజిరి 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. కువైట్‌కు చెందిన గాజీ అల్ ములైఫీ అయితే ‘బూమ్ దివాన్’ బృందంతో ఈ లయలను జాజ్ పక్కన నిలబెడుతున్నాడు.

వీటన్నిటిలో నాకు ఎక్కువ నమ్మకం దివానియా అనే కలుసుకునే గది మీదే. రికార్డులో రాగం దొరుకుతుంది. పదిమంది ఊపిరి ఒక్కటై ఆ కింది నాదం పట్టడం రికార్డు నేర్పదు. పక్కన కూర్చుని, ఎవరి చప్పట్లకు ఎవరు ఖాళీ వదలాలో ఒంటికి పట్టించుకోవాలి. అందుకే పాత జట్లు వారం వారం కలుసుకునే గదులే ఈ విద్యకు అసలు బడులు.

అహ్మది చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లకు నాదొక మనవి. సెలవు రోజున సాల్మియాలోని సముద్ర మ్యూజియానికి వెళ్లి ఆ ఓడలను చూడండి. కువైటీ స్నేహితుడుంటే సముద్రపు పాటలు పాడే దివానియాకు తీసుకెళ్లమని అడగండి, అతిథిని కాదనే అలవాటు ఇక్కడ లేదు. మన ఉప్పాడ, భీమిలి, మచిలీపట్నం తీరాల్లో ‘హైలెస్సా’ అంటూ వలలు లాగిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. ఈసారి ఊరెళ్లినప్పుడు వాళ్ల పక్కన కూర్చుని, ఏ పనికి ఏ పాటో, ఎవరు ఎత్తుకుంటే ఎవరు అందుకుంటారో అడిగి, ఫోనులో రికార్డు చేసి, పేరూ ఊరూ తేదీ రాసి పెట్టండి.