గోడకెక్కిన బొంత

అమెరికాలో ఫిబ్రవరి నెలలో క్విల్ట్‌కాన్ అనే ప్రదర్శన జరుగుతుంది. పెద్ద కన్వెన్షన్ హాల్లో తెరలు కట్టి, వాటి మీద వందల కొద్దీ బొంతలు వేలాడదీస్తారు. ఇంగ్లీషులో క్విల్టులంటారు గానీ, బొంతలంటే బొంతలే. పైన ఒక గుడ్డ, మధ్యలో దూది పొర, అడుగున మరో గుడ్డ, మూడింటినీ పట్టి ఉంచే కుట్టు. పాత చీరలూ పంచెలూ పేర్చి మన అమ్మమ్మలు కుట్టినదానికీ దీనికీ కట్టుబడి దాదాపు ఒకటే. మరి జనం టికెట్టు కొని, విమానాలెక్కి వచ్చి చూసేదేమిటి? పైగుడ్డ ఎలా కూర్చారో, కుట్టు ఎటు నడిపారో చూస్తారు. ఆ చూపు లేకుండా వెళితే గంటలో కాళ్ళు పీకి బయటికొచ్చేస్తాం.

ఈ ప్రదర్శనను నడిపే సంస్థ మోడరన్ క్విల్ట్ గిల్డ్. 2009లో లాస్ ఏంజెలెస్‌లో చిన్న బృందంగా మొదలైంది. తొలి క్విల్ట్‌కాన్ 2013లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో పెట్టారు. ఆ తర్వాత పాసడీనా, నాష్‌విల్, అట్లాంటా, ఫీనిక్స్, రాలీ... ఊళ్ళు మారుతూ వచ్చింది. పేరులోని ఆ 'మోడరన్' ఏమిటో పాతదాని పక్కన పెడితే తెలుస్తుంది. పాత అమెరికన్ క్విల్టులో ఎక్కువగా పూలపూల గుడ్డలతో ఒకే నమూనా గడి చేసి, దాన్నే వరసలుగా అతికేవారు. కొత్తవాళ్ళు సాదా రంగులకు మళ్ళారు. గడులను ఒక మూలకు జరిపి మిగతాదంతా ఖాళీగా వదిలేశారు. సాదా రంగులు కొత్తేమీ కాదు, ఆమిష్ అనే క్రైస్తవ వర్గపు స్త్రీలు వందేళ్ళ కిందటే వాడారు. ఖాళీని అంత ధైర్యంగా వదలడమే కొత్త.

ఆ ఖాళీ దగ్గర ఆగాలి. చూసేవాళ్ళకు పని తగ్గించుకున్నట్టు అనిపిస్తుంది గానీ, అసలు పరీక్ష అక్కడే. పూలగుడ్డ మీద కుట్టు వంకరపోయినా పూలల్లో కలిసిపోతుంది. తెల్లటి సాదా గుడ్డ మీద ఒక్క పోగు తప్పినా దూరం నుంచే కనిపిస్తుంది. అలాంటి గుడ్డ మీద పావు అంగుళం ఎడంతో, ఒక్కోసారి అంతకన్నా దగ్గరగా, ఈ చివర నుంచి ఆ చివరకు సమాన గీతలు కుడతారు. ఇందుకు లాంగ్‌ఆర్మ్ అనే పెద్ద మిషను వచ్చింది. గుడ్డ చట్రానికి బిగించి ఉంటుంది, మిషనే దాని మీద తిరుగుతుంది. ఒక మాట చెప్పక తప్పదు: అంత దగ్గర కుట్టు పడితే బొంత బిరుసెక్కుతుంది. బహుమతికి పోటీపడే వాటిలో కొన్నింటిని కప్పుకుంటే అట్ట కప్పుకున్నట్టే ఉంటుంది. నాకు అవి అంతగా రుచించవు.

అతుకు వేయడంలో లెక్క ఇంకా కఠినం. ముక్కలు కలిపే చోట లోపలికి పోయే గుడ్డ పావు అంగుళమే ఉండాలి. అది అంగుళంలో పదహారో వంతు ఎక్కువైతే, రెండు ముక్కల వైపూ కలిసి ఎనిమిదో వంతు పోతుంది. ఎనిమిది అతుకులు దాటేసరికి వరస ఒక అంగుళం కురచ. జపాన్‌కు చెందిన ఓల్ఫా 1979లో చక్రంలా తిరిగే కత్తి తెచ్చాక, స్కేలు ఆనించి ఒకేసారి నాలుగైదు పొరలు కోయడం వచ్చి ఈ కచ్చితత్వం సులువైంది.

దీనికి పూర్తిగా ఎదురు దారి ఇంకొకటుంది. స్కేలు లేకుండా కంటి అంచనాతో కోసి, ఒక ముక్క కుట్టాక దాన్ని చూసి తర్వాతి ముక్క నిర్ణయించుకోవడం. ఇంప్రొవైజేషన్ పేరుతో దీనికి ప్రదర్శనలో విడిగా ఒక విభాగమే ఉంది. ఆ విద్యలో అన్నింటికంటే పేరున్న ఊరు అలబామాలోని గీస్ బెండ్. నది మూడు వైపులా చుట్టిన నల్లజాతివారి పల్లె, బానిసలుగా పత్తి పండించినవారి సంతతి. గోడల సందుల్లోంచి చలిగాలి దూరే ఇళ్ళకోసం, అక్కడి ఆడవాళ్ళు చిరిగిన పొలం బట్టలూ గోనెగుడ్డలూ చించి కుట్టారు. 'హౌస్‌టాప్' అనే వాళ్ళ నమూనాలో నడుమ ఒక ముక్క పెట్టి, చుట్టూ పట్టీలు అతుక్కుంటూ పోతారు. ఒక పట్టీ వాలితే తర్వాతిది దానికి తగ్గట్టు వాలుతుంది. ఆ వాలులోనే బొంతకు ప్రాణం. ఆ ఊరి మిజూరి పెట్‌వే, చనిపోయిన భర్త పొలం బట్టలతో 1942లో కుట్టిన బొంతలో వెలిసిన నీలం, మరకలు అలాగే ఉన్నాయి. ఓటు హక్కు పోరాటం సాగుతున్న 1966లో ఆ ప్రాంతపు ఆడవాళ్ళు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 2002లో ఆ బొంతలు హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలో, ఆ వెంటనే న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడకెక్కాయి. 2006లో వాటితో తపాలా బిళ్ళలు వచ్చాయి. ఇవాళ వాలు పట్టీలు కుట్టి 'ఆధునికం' అనేవాళ్ళు ఆ ఊరి పేరు ఎత్తకపోతే అది అప్పు ఎగ్గొట్టడమే.

మనకు దగ్గర్లో ఇంకో దారి ఉంది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు కవంది అనే బొంత కుడతారు. పైగుడ్డ ముందు తయారు చేసుకోరు. అడుగున చీర పరిచి, అంచు నుంచి మొదలుపెట్టి, ముక్క కొసలు మడిచి పెడుతూ, సూదిని పైకీ కిందికీ పోనిస్తూ చుట్టూ తిరిగి నడిమికి చేరతారు. అతకడం, పొరలు కలపడం ఒకేసారి అయిపోతాయి. నాలుగు మూలలా చిన్న మడత ముక్కలు పూలలా కుడితేగానీ వాళ్ళకు బొంత పూర్తయినట్టు కాదు. అమెరికాలో కుట్టేవాళ్ళూ ఇప్పుడు ఈ పద్ధతి నేర్చుకుంటున్నారు.

అక్కడున్న మనవాళ్ళు ఇలాంటి ప్రదర్శనకు వెళితే దేన్నీ ముట్టుకోకండి. చాలాచోట్ల తెల్ల చేతితొడుగులు వేసుకున్న వాలంటీర్లుంటారు, అడిగితే అంచు ఎత్తి వెనక వైపు చూపిస్తారు. కుట్టు బిగువు అక్కడే తెలుస్తుంది. ఆ వెనకే చాలా క్విల్టులకు ఓ గుడ్డ చీటీ ఉంటుంది: ఎవరు కుట్టారు, ఎక్కడ, ఏ సంవత్సరం అని. మన ఇళ్ళలో పాత బొంత ఇంకా మిగిలి ఉంటే, కుట్టినావిడ పేరూ ఊరూ తెలిసినవాళ్ళు ఉండగానే అడిగి, అలాంటి చీటీ ఒకటి రాసి వెనక కుట్టండి.