తెలిసిన జవాబు

భిలాయిలో పుట్టి పెరిగినవాళ్లకు ల్యాబ్ అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. ఉక్కు కర్మాగారంలో ప్రతి హీట్‌లోంచీ, అంటే కరిగించిన ప్రతి విడత ఉక్కులోంచీ, ఒక నమూనా ల్యాబ్‌కు వెళ్తుంది. కార్బన్ ఎంత, మాంగనీసు ఎంత, గంధకం, భాస్వరం ఎంత అన్నది స్పెక్ట్రోమీటర్ చెబుతుంది. మరి ఆ యంత్రం సరిగ్గా చెబుతోందని నమ్మేదెలా? కూర్పు ముందే తేల్చి సర్టిఫికెట్ ఇచ్చిన ప్రామాణిక ఉక్కు ముక్క ఒకటి పెట్టి చూస్తారు. సర్టిఫికెట్‌లో ఉన్న అంకే యంత్రంలోనూ వస్తే దాని మాట మీద నమ్మకం కుదురుతుంది. మా సెక్టర్ 7లో స్టాటిస్టిక్స్ చదివే పిల్లల ల్యాప్‌టాప్‌లలో ఆర్ అనే గణాంక భాష కోసం కంపైలర్ పెట్టినప్పుడల్లా నేను పాటించేదీ ఈ పద్ధతే.

ఆర్ న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. 1990ల మొదట్లో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ దాన్ని మొదలుపెట్టారు. 2000 ఫిబ్రవరి 29న 1.0.0 వెర్షన్ వచ్చింది. పైకి ఒకే భాషలా కనిపించినా, లోపల బరువు మోసేది చాలావరకు సీ, ఫోర్ట్రాన్ భాషలు. ప్యాకేజీలలో సీ++ కూడా విరివిగా ఉంటుంది. విండోస్‌కూ మ్యాక్‌కూ అన్నీ కంపైల్ చేసిన బైనరీలే దొరుకుతున్నప్పుడు మనకు కంపైలర్ ఎందుకని అడుగుతారు. నిన్న మార్చిన ప్యాకేజీ ఇవాళే కావాలన్నా, సొంతంగా ఒక ఫంక్షన్‌ను సీ++లో రాసుకోవాలన్నా అది తప్పదు. గణాంక మోడళ్లు రాసే స్టాన్‌తో పని ఉంటే చెప్పనే అక్కర్లేదు. మనం రాసిన ప్రతి మోడల్‌నూ స్టాన్ సీ++గా మార్చి, అప్పటికప్పుడు కంపైల్ చేయిస్తుంది. కంపైలర్ లేకపోతే ఒక్క అడుగు కదలదు.

పెట్టడం పెద్ద విద్యేమీ కాదు, ఓపిక కావాలి. విండోస్‌లో ఆర్‌టూల్స్ అనే కట్ట వస్తుంది. జీసీసీ కంపైలర్లు, మేక్, లైబ్రరీలు అన్నీ అందులోనే ఉంటాయి. జత కుదరాలి: ఆర్ 4.3కి ఆర్‌టూల్స్43, 4.4కి ఆర్‌టూల్స్44. లినక్స్‌లో సీ, సీ++ కంపైలర్లతో పాటు జీఫోర్ట్రాన్ ఉందో లేదో చూసుకోవాలి. మ్యాక్‌లో ఆపిల్ ఇచ్చే కమాండ్ లైన్ టూల్స్‌లో ఫోర్ట్రాన్ ఉండదు కాబట్టి దాన్ని విడిగా తెచ్చుకోవాలి. మా ఊరి పిల్లలకు తరచూ ఎదురయ్యే చిక్కు మరొకటుంది. ల్యాప్‌టాప్ కొన్న రోజున యూజర్ పేరు హిందీలోనో తెలుగులోనో, లేదా ఇంటిపేరుకూ పేరుకూ మధ్య ఖాళీ వదిలో పెట్టేస్తారు. ప్యాకేజీలు చేరేది ఆ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోకే. మేక్ అనే పాత పనిముట్టుకు ఖాళీ కనబడితే అక్కడితో ఒక పేరు అయిపోయినట్టే లెక్క, మిగతా సగం ఇంకో ఫైల్ అనుకుంటుంది. ఆర్‌టూల్స్, ప్యాకేజీల ఫోల్డర్ రెండూ నేరుగా సీ డ్రైవ్ మొదట్లోనే, ఖాళీల్లేని పేర్లతో కూర్చోవడం అందుకే మేలు.

మొన్న మా పక్క క్వార్టర్ అమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చింది. "ఇన్‌స్టాల్ అయిపోయింది బాబాయ్, ఇంకా ఏం చూడాలి?" అంది.

"అయిపోయిందని అది చెప్పిందమ్మా. మనం ఇంకా చూడలేదుగా?"

మొదట మేక్ ఎక్కడుందో ఆర్‌నే అడిగించాను. ఖాళీ జవాబు రాకుండా ఆర్‌టూల్స్ ఫోల్డర్ దారి చూపించింది. తర్వాత సీ++ను ఆర్‌కు కలిపే ఆర్‌సీపీపీ ప్యాకేజీతో రెండూ రెండూ కూడించాం. నాలుగు వచ్చింది. పిల్లలకు ఇది చిన్నతనంగా అనిపిస్తుంది కానీ, ఆ నాలుగు వెనుక చాలా జరుగుతుంది: సీ++ ఫైల్ ఒకటి పుట్టింది, కంపైల్ అయింది, లింక్ అయింది, ఆర్ దాన్ని లోపలికి తెచ్చుకుని పిలిచింది. ఇందులో ఏది తెగినా నాలుగు రాదు. అయితే ఫోర్ట్రాన్ సంగతి ఆ నాలుగు చెప్పదు. దానికి ఫోర్ట్రాన్ ఉన్న ఒక ప్యాకేజీని, బైనరీ వద్దని చెప్పి, సోర్స్ నుంచి కట్టించాలి.

ఇంత పట్టింపు ఎందుకని ఎవరైనా అంటే ఈ ఊరినే చూపిస్తాను. భిలాయి కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. భారీ పరిశ్రమలకు పెద్దపీట వేసిన రెండో పంచవర్ష ప్రణాళిక వెనుక లెక్కలు ప్రశాంత చంద్ర మహలనోబిస్‌వి, ఆయన నడిపిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌వి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి.ఆర్. రావు గారు దశాబ్దాలు పనిచేసిందీ ఆ సంస్థలోనే. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తెలుగువాళ్లు ఇంత దూరం వచ్చి స్థిరపడ్డ ఊరు ఇలాంటి లెక్కల మీద లేచింది. లెక్క కట్టే పనిముట్టును పరీక్షించకుండా వాడటానికి నాకు మనసొప్పదు.

ప్రామాణిక ఉక్కు ముక్కల సంగతికి వస్తాను. అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ 1901లో ఏర్పడింది. అది తొలినాళ్లలో తయారుచేసి ఇచ్చిన ప్రామాణిక నమూనాలు పోత ఇనుమువి. ఇప్పుడు దాని పేరు నిస్ట్. అదే సంస్థ స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌కూ ప్రామాణిక డేటాసెట్లు ఇస్తోంది, సర్టిఫికెట్ అంకెలతో సహా. ఇనుముకూ రిగ్రెషన్‌కూ ఒకే చోటి నుంచి సాక్ష్యం రావడం ఉక్కు ఊళ్లో ఉండే నాకు ఎంతో సంతోషం.

ఆ డేటాసెట్లలో పేరుమోసింది లాంగ్లీది. జేమ్స్ లాంగ్లీ 1967లో, 1947 నుంచి 1962 వరకు పదహారేళ్ల అమెరికా ఆర్థిక అంకెలు తీసుకున్నాడు. ఆరు చలరాశులతో ఉద్యోగుల సంఖ్యను అంచనా వేసే సమీకరణాన్ని చేత్తో లెక్కగట్టి, అప్పటి కంప్యూటర్ ప్రోగ్రాములతో పోల్చాడు. ఆ చలరాశులు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని పెరిగేవి కావడంతో ప్రోగ్రాములు తడబడ్డాయి. కొన్నింటిలో మొదటి అంకె కూడా కలవలేదు. అదే డేటా ఆర్‌లో లాంగ్లీ పేరుతోనే ఉంటుంది. సంవత్సరం గుణకం 1.829151 అని వస్తే, యూనిట్ల తేడా వల్ల దశాంశ బిందువు చోటు మారడం తప్ప, సర్టిఫికెట్‌తో సరిపోయినట్టు. తొలి తొమ్మిది, పది అంకెలు కలిస్తే నాకు తృప్తి. చిట్టచివరి అంకెలు ప్రాసెసర్‌ను బట్టి మారతాయి, వాటికోసం దిగులు పడక్కర్లేదు.

ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది. విండోస్‌లో బైనరీగా దిగిన ఆర్‌లో లాంగ్లీ సరిగ్గా వస్తే మన కంపైలర్ మంచిదని తేలినట్టు కాదు. ఆ రిగ్రెషన్ చేసే ఫోర్ట్రాన్ ముక్క ఎక్కడో ఎవరో కంపైల్ చేసి పంపింది. మన కంపైలర్ పరీక్షకు నిలవాలంటే లెక్క మన కంపైలర్ చేతి మీదుగా పోవాలి. చిన్న క్యూఆర్ రొటీన్ ఒకటి రాసి, ఇక్కడే కంపైల్ చేసి, లాంగ్లీ డేటా దానికివ్వాలి. లినక్స్‌లో ఆర్‌నే సోర్స్ నుంచి కట్టుకుంటే ఇంకా మంచిది. అప్పుడు మేక్ చెక్ అనే పరీక్షల వరుసను ఎంతసేపు పట్టినా పూర్తిగా నడవనివ్వాలి.

కంపైలర్ మారితే ఏమవుతుందో తెలియాలంటే 2019లో జరిగింది చూడండి. ఫోర్ట్రాన్ రొటీన్‌కు అక్షరాల మాట ఒకటి పంపితే, దాని పొడవు కూడా కంటికి కనబడకుండా చివర్లో వెళ్లాలి. ఆర్‌లోనూ చాలా ప్యాకేజీల్లోనూ సీ నుంచి లాప్యాక్ అనే ఫోర్ట్రాన్ లైబ్రరీని పిలిచేటప్పుడు ఆ పొడవు పంపకుండా వదిలేయడం ఏళ్లుగా మామూలు. ఒక్క అక్షరమే కదా అని సాగిపోయింది. జీఫోర్ట్రాన్ కొత్త వెర్షన్లు వేగం కోసం ఆ పొడవుకు కేటాయించిన చోటును వేరే పనికి వాడుకోవడం మొదలుపెట్టాయి. సోర్స్‌లో ఒక్క అక్షరం మారలేదు, అయినా బాగా నడిచినవి చెడ్డాయి. బయటపెట్టింది ప్యాకేజీల పరీక్షలే. ఆర్ వైపు పిలిచే తీరు సరిచేశారు, జీఫోర్ట్రాన్ వైపు పాత కోడ్ కోసం ఒక సర్దుబాటు చేర్చారు. ఈ ఉదంతాన్ని నేను ప్రతి విద్యార్థికీ చెబుతాను.

తెలుగువాళ్లుగా మనం గుర్తుపెట్టుకోవలసిన ఏడాది మాత్రం 2022. అంతకు ముందు విండోస్ ఆర్‌లో తెలుగు పేర్లున్న పట్టిక తెరిస్తే అక్షరాలకు బదులు కోణపు బ్రాకెట్లలో యూనికోడ్ సంఖ్యలు బారులు తీరేవి. తెలుగులో సర్వే చేసినవాళ్లు ఊళ్ల పేర్లన్నీ రోమన్ లిపిలోకి మార్చుకుని కూర్చునేవారు. దాన్ని తీర్చింది కంపైలర్ మార్పే. ఆర్ 4.2 కోసం, ఆర్‌టూల్స్42తో, పాత సీ రన్‌టైమ్‌ను వదిలి యూసీఆర్‌టీకి మారారు. దాంతో విండోస్‌లో యూటీఎఫ్-8 సొంత ఎన్‌కోడింగ్ అయింది. రెండు రన్‌టైమ్‌ల ఫైళ్లు కలిపి లింక్ చేయకూడదు కాబట్టి లైబ్రరీలు, ప్యాకేజీలు అన్నీ మళ్లీ కట్టవలసి వచ్చింది. ఆ భారం ముందుండి మోసిన తోమాష్ కాలిబెరాకు తెలుగు రాకపోవచ్చు. మన లిపికి ఆయన చేసిన మేలు మాత్రం నేను మరిచిపోను.

అందుకే నా పరీక్షల్లో తెలుగు కూడా ఉంటుంది. "తెలుగు" అన్న మాట పొడవు అడిగితే ఆరు అని రావాలి, బైట్లలో అడిగితే పద్దెనిమిది. మనకు కనబడేవి మూడు అక్షరాలే అయినా గుణింతపు గుర్తులను యూనికోడ్ విడిగా లెక్కపెడుతుంది. ఇక గ్రాఫ్ మీద తెలుగు ఇంకా జాగ్రత్త అడుగుతుంది. లినక్స్‌లో ఆర్‌ను మనమే కడుతున్నప్పుడు, అక్షరాలను కూర్చే ప్యాంగో లైబ్రరీ హెడర్ ఫైళ్లు లేకపోయినా కాన్ఫిగర్ ఆగదు, తప్పు చూపదు. ప్యాంగో లేని ఆర్ తయారవుతుంది, అంకెలన్నీ సరిగ్గానే వస్తాయి. అక్షం కింద "సెక్టర్ 7" అని రాసి కైరో పీఎన్‌జీలో ఒక గ్రాఫ్ గీయించండి. ట ఒత్తు క కింద కుదురుకోకుండా విడిపోయి కనబడితే ప్యాంగో హెడర్లు తెచ్చి, కాన్ఫిగర్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి.