‘ఇన్‌కోయేట్’: కాడి కట్టిన మాట

ఆంగ్లంలో ఆరంభాన్ని సూచించే పదాలలో విద్యార్థులను ఎక్కువగా తికమక పెట్టేది ‘ఇన్‌కోయేట్’. దీన్ని ‘అసంపూర్ణం’ అనే ఒక్క మాటతో సరిపెట్టే అలవాటును మేము ఇక్కడ పరిశీలించదలిచాము.

ఈ పదానికి మూలం ‘మొదలుపెట్టు’ అనే అర్థంగల లాటిన్ క్రియ. నాగలిని కాడికి బిగించే పట్టీకి లాటిన్‌లో ‘కోహుమ్’ అని పేరు. ఆ క్రియను దీనితో ముడిపెడతారు. ఎడ్లను కట్టారు, చాలు ఇంకా పడలేదన్నమాట. ఈ ఊహ మనకు కొత్తది కాదు. తెలుగులో ‘పూన్చు’ అంటే ఎడ్లను కాడికి కట్టడం. ‘పూనుకొను’ అంటే పనికి దిగడం. కన్నడంలో ‘హూడు’ ఎడ్లకూ చెల్లుతుంది, కోర్టులో వేసే దావాకూ చెల్లుతుంది. తమిళ రైతు ‘ఏర్ పూట్టు’ అంటాడు. ఇవన్నీ ఒకే ద్రావిడ ధాతువు నుంచి వచ్చినవి. బెంగుళూరులోనో మదురైలోనో చదివే తెలుగు విద్యార్థికి ఈ పోలిక పట్టుకోవడం మరింత సులభం.

‘ఇన్’ అనేది ఇక్కడ వ్యతిరేకార్థకం కాదు. అలా పొరబడినందువల్లనే అమెరికా న్యాయభాషలో ‘పూర్తయిన’ అనే అర్థంలో ‘కోయేట్’ పుట్టింది. ‘కేయాస్’తో ధ్వనిసామ్యం ఉండటం వల్ల కొందరు దీన్ని ‘గందరగోళమైన’ అనే అర్థంలోనూ వాడుతున్నారు. జాగ్రత్తగా రాసేవారు మాత్రం మొదలై ఇంకా రూపు కట్టని ఆలోచనకో, కోరికకో దీన్ని వాడతారు.

‘అసంపూర్ణం’ అనే అనువాదం అసలు చిక్కు తెచ్చేది న్యాయశాస్త్రంలో. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ ఇన్‌కోయేట్ పత్రాలను గురించి చెబుతుంది. స్టాంపు ఉన్న ఖాళీ కాగితంపై సంతకం చేసి ఇస్తే, ఆ స్టాంపుకు తగిన మొత్తం వరకు దాన్ని ప్రామిసరీ నోటుగా పూర్తి చేసుకునే అధికారం పుచ్చుకున్నవాడికి ప్రాథమికంగా ఇచ్చినట్లే. ‘అసంపూర్ణ పత్రం’ అని చదివినవాడు అది చెల్లదనుకొని నిశ్చింతగా ఉండవచ్చు. నేరాల విషయమూ అంతే. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 62వ సెక్షన్ కింద నేరయత్నమే శిక్షార్హం. ‘అసంపూర్ణ నేరం’ అంటే నేరమే జరగలేదని సామాన్యుడు అనుకుంటాడు.

కాబట్టి భావాలకు ‘రూపు కట్టని’ అనీ, పత్రాలకు ‘పూరించవలసిన’ అనీ, నేరాలకు ‘ఉపక్రమ’ అనీ సందర్భాన్ని బట్టి వాడడం మేలని మా అభిప్రాయం. ఏ మాట ఎంచుకున్నా, పని మొదలైందన్న అర్థం అందులో మిగలాలి.